విదేశీ స్కూల్లో టీచర్ ఉద్యోగం: రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

మా పిన్ని కూతురు నరసరావుపేట నుంచి ఫోన్ చేసింది. "అక్కా, దుబాయ్‌లో ఫిజిక్స్ టీచర్ పోస్టు ఉందట. ఏజెంట్ రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పంపిస్తాడట, వెళ్లాక వర్క్ వీసా చేయిస్తారట. బంగారం తాకట్టు పెట్టి కట్టేద్దామంటున్నాడు నాన్న." స్కూల్ పేరేంటని అడిగితే, డబ్బు కట్టాకే చెబుతారట.

రూపాయి కూడా కట్టొద్దని చెప్పి, ఆ రాత్రి రెండు గంటలు దానితో మాట్లాడాను. దాని అనుమానాలే చాలామంది టీచర్లు నన్ను అడుగుతుంటారు. నేను హైదరాబాద్‌లో ఏడేళ్లు లెక్కలు చెప్పి, షార్జాలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో చేరాను. ఇప్పుడు దుబాయ్‌లో బ్రిటిష్ సిలబస్ స్కూల్లో లెక్కల విభాగం చూస్తున్నాను. కొత్త టీచర్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో నేనూ కూర్చుంటాను. చదువు, సత్తా రెండూ ఉన్న మనవాళ్లు కాగితాల దగ్గర, రెండు మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. నాకు బాగా తెలిసింది యూఏఈ కాబట్టి ఎక్కువగా అక్కడి సంగతులే రాస్తున్నాను.

అపోహ: ఏజెంట్‌కు డబ్బు కడితేనే ఉద్యోగం వస్తుంది

యూఏఈ 2021లో తెచ్చిన కార్మిక చట్టం ప్రకారం నియామకానికయ్యే ఖర్చు యజమానే పెట్టుకోవాలి. ఉద్యోగి దగ్గర నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ వసూలు చేయకూడదు. మన దేశంలో అయితే 1983 వలసల చట్టం కింద రిజిస్టర్ చేసుకున్న ఏజెంట్ మాత్రమే మనుషుల్ని విదేశాలకు పంపాలి. అతను తీసుకోగలిగే సర్వీసు చార్జీ కూడా గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలో విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వమే నడిపే టామ్‌కామ్ అనే సంస్థ కూడా ఉంది. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం. దొరికితే కష్టపడేది మీరే, ఏజెంట్ కాదు.

స్కూళ్లు టీచర్లను వెతికే దారులు వేరు. ప్రతి మంచి స్కూల్‌కీ తన వెబ్‌సైట్‌లో ఉద్యోగాల పేజీ ఉంటుంది. బ్రిటిష్ స్కూళ్లు టెస్ అనే టీచర్ ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ప్రకటనలు ఇస్తాయి. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్ అనే సిలబస్), అమెరికన్ స్కూళ్లు చాలావరకు సెర్చ్ అసోసియేట్స్, ఐఎస్ఎస్, ష్రోల్ లాంటి సంస్థల ద్వారా వెతుకుతాయి. వాటిలో కొన్నిచోట్ల పేరు నమోదుకు సభ్యత్వ రుసుము ఉంటుంది. అది కట్టినంత మాత్రాన ఉద్యోగం ఇస్తామని ఎవరూ అనరు. ఇంటర్వ్యూ, డెమో లేకుండా, జీమెయిల్ అడ్రస్ నుంచి ఆఫర్ లెటర్ వస్తే దాన్ని నమ్మకండి. దుబాయ్‌లోని ప్రైవేటు స్కూళ్ల తనిఖీ నివేదికలు అక్కడి ప్రభుత్వ విద్యాసంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి. అవుట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ వరకు రేటింగులుంటాయి. దరఖాస్తు పెట్టే ముందు ఆ నివేదిక చదవండి, ఇంటర్వ్యూలో కూడా అక్కరకొస్తుంది.

అపోహ: ఇంటర్నేషనల్ స్కూల్ అంటే అన్నీ ఒకటే

మన ఊళ్లలో బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాసుకోని స్కూల్ అరుదు. ఆ మాటను పక్కన పెట్టి ఏ సిలబస్ అని అడగండి. గల్ఫ్‌లో సీబీఎస్ఈ స్కూళ్లు చాలా ఉన్నాయి. ఏప్రిల్‌లో మొదలవుతాయి, పాఠ్యపుస్తకాలు మనకు తెలిసినవే, బీఎడ్ ఉన్నవాళ్లకు దగ్గరి దారి. జీతాలు మాత్రం బ్రిటిష్, ఐబీ స్కూళ్లతో పోలిస్తే బాగా తక్కువ. బ్రిటిష్ స్కూళ్లు ఆగస్టు చివర్లో తెరుచుకుంటాయి. ఐబీ 1968లో జెనీవాలో పుట్టింది. అందులో పాఠం చెప్పే పద్ధతే వేరు.

నా సలహా ఒకటే. నేరుగా విదేశం వెళ్లాలనుకోకుండా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక కేంబ్రిడ్జ్ లేదా ఐబీ స్కూల్లో రెండేళ్లు పనిచేయండి. ఐజీసీఎస్ఈ (కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి కోర్సు) చెప్పానని రెజ్యూమెలో ఒక్క లైన్ ఉంటే ఆ దరఖాస్తును ఆగి చదువుతాం.

అపోహ: మన యాస, మన పాస్‌పోర్టు చూసి పక్కన పెట్టేస్తారు

ఇది పూర్తిగా అబద్ధమని చెప్పలేను. ఇంగ్లిష్ భాష చెప్పే ఉద్యోగాలకు చైనా లాంటి చోట్ల ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాల పౌరులనే అడుగుతారు. కొన్ని స్కూళ్లలో పాస్‌పోర్టును బట్టి జీతం మారడం నా కళ్లతో చూశాను, అది అన్యాయం. అయితే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ సైన్స్ సంగతి వేరు. ఆ సబ్జెక్టులు బాగా చెప్పగలిగేవాళ్ల కోసం స్కూళ్లు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి. మా విభాగంలో కేరళ, ఈజిప్టు, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా వాళ్లున్నారు, ఒక్కొక్కరిదీ ఒక్కో యాస. పిల్లలకు అర్థమవుతోందా అన్నదే చూస్తాం. మన దగ్గర తరచూ కనిపించే ఇబ్బంది వేగం. సిలబస్ అయిపోవాలన్న టెన్షన్‌లో గబగబా చెప్పడం అలవాటైపోయింది. ఫోన్‌లో మీ పాఠం రికార్డు చేసుకుని ఒకసారి వినండి.

అపోహ: సబ్జెక్టు మీద పట్టుంటే ఇంటర్వ్యూ గట్టెక్కినట్టే

2016లో నా మొదటి ఇంటర్వ్యూ. లెక్కల ప్రశ్నలన్నీ బాగా చెప్పాను. ఆ తర్వాత ప్రిన్సిపల్ అడిగారు: "ఒక పాప మీ దగ్గరికొచ్చి, మీకో విషయం చెబుతాను, ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడమ్ అంటే ఏం చేస్తారు?" నేను తడుముకోకుండా "మాటిస్తాను, ఆ పాప నమ్మకం పోగొట్టను" అన్నాను. ఆవిడ తలవంచి ఏదో రాసుకున్నారు. ఐదు నిమిషాల్లో ఇంటర్వ్యూ ముగిసింది. ఉద్యోగం రాలేదు, ఎందుకో కూడా అప్పుడు నాకు అర్థం కాలేదు.

షార్జాలో పిల్లల భద్రత మీద శిక్షణ ఇచ్చినప్పుడు తెలిసింది. అలా మాటివ్వకూడదు. "ఎవరికీ చెప్పనని మాటివ్వలేను తల్లీ, కానీ నువ్వు చెప్పేదంతా వింటాను. నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రమే చెబుతాను" అనాలి. మధ్యలో మనమే గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకూడదు. పాప వాడిన మాటలను వాడినట్టే ఆ రోజే రాసి, స్కూల్లో పిల్లల రక్షణ బాధ్యత చూసేవారికి అందించాలి. మనంతట మనం తల్లిదండ్రులకు ఫోన్ చేయకూడదు, ఎందుకంటే ఆపద ఆ ఇంట్లోనే ఉండొచ్చు. మంచి స్కూళ్లు ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో అడుగుతాయి. దీనికి తప్పు జవాబిచ్చినవారిని, ఎంత గొప్ప లెక్కల టీచరైనా, మేం తీసుకోం. ఎందుకు తీసుకోకూడదో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఒకసారి ఒక మాస్టారు "నేను చాలా స్ట్రిక్ట్ అండీ, అవసరమైతే రెండు దెబ్బలు వేస్తాను" అని గర్వంగా చెప్పారు. పిల్లల్ని కొట్టడాన్ని మన విద్యాహక్కు చట్టమే 2009లో నిషేధించింది. ఆ మాటతో ఆయన ఇరవై ఏళ్ల అనుభవం పక్కకు పోయింది.

డెమో గురించి కూడా చెప్పాలి. మనవాళ్లలో చాలామంది ఇరవై నిమిషాలూ బోర్డు నింపేస్తారు, పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగరు. పోయినేడు వరంగల్ నుంచి ఒకమ్మాయి ఆన్‌లైన్‌లో డెమో ఇచ్చింది. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు ఫైవ్ ఎక్స్ అని రాసి, రెండు వైపులా ఎక్స్‌తో భాగించి, ఎక్స్ ఈక్వల్ టు ఫైవ్ అని తేల్చి, "నేను చేసింది కరెక్టేనా?" అని పిల్లల్ని అడిగింది. నిమిషం పాటు ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి కూడా మాట్లాడలేదు, ఓపికగా ఆగింది. చివరికి వెనక కూర్చున్న ఒక అబ్బాయి "సున్నా పెట్టినా సరిపోతుంది కదా, అదెక్కడికి పోయింది?" అన్నాడు. అక్కడి నుంచి పాఠమంతా పిల్లలే నడిపారు. సున్నాతో భాగించకూడదన్న సంగతి వాళ్లే కనిపెట్టారు. ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లో తప్పులు దొర్లాయి. అయినా ఆ సాయంత్రమే ఆఫర్ పంపాం.

అపోహ: సర్టిఫికెట్లు ఇంట్లోనే ఉన్నాయిగా, ఉద్యోగం వచ్చాక చూసుకుందాం

ఎక్కువ ఆఫర్లు చేజారేది ఇక్కడే. యూఏఈకి వెళ్లాలంటే డిగ్రీ మీద ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత మన విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర పడాలి. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, అంటే ఒక దేశం వేసిన ఒకే ముద్రను మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఒప్పందం. ఒమన్, బహ్రెయిన్ కూడా అందులో ఉన్నాయి, సౌదీకి 2022 చివర్లో అది అమల్లోకి వచ్చింది. కాబట్టి ఆ దేశాలకు అపోస్టిల్ ముద్ర చెల్లుతుంది. యూఏఈ మాత్రం అందులో లేదు. ఏ దేశమో తేలకుండా తొందరపడి ఏదో ఒక ముద్ర వేయించుకుంటే డబ్బు వృథా.

ఈ ముద్రలన్నీ ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) మీద పడాలి. మనవాళ్లు చాలామంది ప్రొవిజనల్‌తోనే పదేళ్లు నెట్టుకొస్తారు. ఓడీ తీసుకోకపోతే ఈరోజే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టండి.

ఇక పేర్లు. ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక కష్టం. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. డిగ్రీలో దానికి బదులు ఒక్క అక్షరం, చుక్క. పాస్‌పోర్టులో పెళ్లయ్యాక మా ఆయన ఇంటిపేరు చేరింది. మనకు చూడగానే ఒకే మనిషని తెలుస్తుంది. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి అది ముగ్గురి పేరు. ఆ ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఇస్తే కొన్నిచోట్ల చెల్లుతుంది, కొన్నిచోట్ల చెల్లదు. నేను మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా అటెస్టేషన్ చేయించాల్సి వచ్చింది. అన్ని సర్టిఫికెట్లూ, పాస్‌పోర్టూ బల్ల మీద పక్కపక్కన పరిచి, పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. సవరణలకు నెలలు పడుతుంది.

ఒరిజినల్స్ మీ దగ్గరే ఉన్నాయా అన్నది మరో ప్రశ్న. నేను పనిచేసిన ఒక స్కూల్లో చేరిన రోజే నా ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టేశారు. బయట ఆఫర్ వచ్చి అడిగితే, మార్చి పరీక్షలు అయ్యేదాకా ఇచ్చేది లేదన్నారు. అవతలివాళ్లు మూడు వారాలు ఆగి, ఇంకొకరిని తీసుకున్నారు. అలా పట్టిపెట్టుకునే హక్కు ఏ స్కూల్‌కీ లేదు. ఇప్పుడు ఎవరు అడిగినా ఒరిజినల్స్ చూపించి, కాపీలు ఇచ్చి రండి.

పోలీస్ క్లియరెన్స్‌ను పాస్‌పోర్ట్ సేవ ద్వారా తీసుకోవచ్చు. దాన్ని మరీ ముందుగా తీసుకోకండి, పాతబడితే మళ్లీ అడుగుతారు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఒక్కటే సరిపోదు కూడా. స్కూల్ మీ ప్రస్తుత ప్రిన్సిపల్‌కే నేరుగా మెయిల్ పెట్టి, మీ గురించి రహస్యంగా అడుగుతుంది. కాబట్టి ఆయనకు ముందే చెప్పాలి. మన దగ్గర అలా చెప్పడానికి భయపడతారని తెలుసు, నేనూ భయపడ్డాను.

అపోహ: బీఎడ్‌కు విలువ లేదు, టెఫెల్ చేస్తే చాలు

టెఫెల్ ఇంగ్లిష్ భాష చెప్పేవాళ్ల కోసం పెట్టిన కోర్సు. ఫిజిక్స్ టీచర్‌కు దానితో పనిలేదు. సబ్జెక్టు డిగ్రీ, రెగ్యులర్ బీఎడ్, తరగతి గది అనుభవం, ఈ మూడే గట్టి పునాది. దాని మీద ఇంకొకటి చేర్చుకోవచ్చు. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ వాళ్ల క్యూటీఎస్ అనే టీచర్ హోదాకు మన దేశం నుంచి కూడా దరఖాస్తు పెట్టుకునే వీలు వచ్చింది. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పడానికి అర్హత ఉన్నవాళ్లకే అది. దరఖాస్తుకు రుసుము లేదు. అది వీసా కాదు, ఉద్యోగమూ కాదు. కానీ బ్రిటిష్ స్కూళ్లలో ఆ మూడక్షరాలకు బరువుంది. బోలెడు డబ్బు తీసుకుని అది ఇప్పిస్తామనే కోచింగులకు వెళ్లే ముందు ఇంగ్లండ్ ప్రభుత్వ వెబ్‌సైట్ మీరే చదువుకోండి.

అపోహ: పన్ను లేదు కాబట్టి జీతమంతా మిగులే

యూఏఈలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు, నిజమే. అద్దె మాత్రం ఉంది. ఇల్లు, ఏటా విమానం టికెట్, పిల్లల ఫీజులో రాయితీ ఆఫర్‌లో ఉన్నాయో లేదో చూడకుండా మొత్తం జీతం అంకె చూసి సంతకం పెట్టకండి. భర్త వీసా మీద అక్కడే ఉన్న టీచర్లకు చాలా స్కూళ్లు ఇల్లూ టికెట్టూ ఇవ్వవు, తక్కువకే తీసుకుంటాయి.

బేసిక్ ఎంతో కూడా చూడండి. ఏడాది దాటి పనిచేస్తే మానేసేటప్పుడు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్క. మొత్తం జీతం 5,000 దిర్హాములే అనుకోండి. బేసిక్ 2,000 అయితే మూడేళ్లకు చేతికొచ్చేది 4,200. అదే బేసిక్ 3,000 అయితే 6,300. జీతం ఒకటే, కాగితం మీద విడగొట్టిన తీరులో తేడా. సంతకానికి ముందు అడిగితే మారుస్తారు, తర్వాత మార్చరు.

అపోహ: ఎప్పుడు దరఖాస్తు పెట్టినా ఒకటే

ఆగస్టులో చేరాలంటే నవంబరు నుంచే వెతకాలి. సీబీఎస్ఈ స్కూళ్లకైతే డిసెంబరు నుంచి. మీ స్కూల్లో నోటీసు మూడు నెలలైతే అది కూడా లెక్కలో వేసుకోండి.

మా పిన్ని కూతురు ఏజెంట్‌కు డబ్బు కట్టలేదు, బంగారం ఇంట్లోనే ఉంది. ఆ వారమే నాగార్జున యూనివర్సిటీకి వెళ్లి ఓడీకి దరఖాస్తు పెట్టింది. నిన్న పోస్టులో వచ్చిందని ఫోటో పంపింది. పాస్‌పోర్టు పక్కన పెట్టి తీసిన ఫోటో. పెద్దది చేసి అక్షరం అక్షరం చదివాను. పేరు రెండింటిలోనూ ఒకేలా ఉంది.