ఆక్సీమీటర్ అంకెను ఎప్పుడు నమ్మాలి?

ఒక పాఠకురాలి ప్రశ్న: "జ్వరం వచ్చి విడిగా గదిలో ఉంటున్నాను. ఆక్సీమీటర్ చూపుడు వేలికి 97, చిటికెన వేలికి 92 చూపిస్తోంది. ఏది నమ్మాలి?"

ప్రస్తుతానికి రెండూ నమ్మకండి. చేతులు వెచ్చబడేదాకా ఆగి మళ్లీ చూడండి. ఒకే గుండె పంపిన రక్తంలో వేలికో రకంగా ఆక్సిజన్ ఉండదు కాబట్టి, తేడా వచ్చిందంటే అది కొలతలోదే. ఆ కొలత నిజంగా ఎంత అందమైనదో, ఎంత సున్నితమైనదో తెలిస్తే అది ఎక్కడ తప్పుతుందో మీకే తడుతుంది.

ఆక్సీమీటర్ అంటే, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చూపే, వేలికి తొడిగే క్లిప్పు. దాని ఒక దవడలో రెండు చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, రెండోది కంటికి కనబడని 940 నానోమీటర్ల పరారుణ కాంతి. ఎదుటి దవడలో సెన్సర్. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఎర్ర కాంతిని, ఆక్సిజన్ ఉన్నదాని కంటే సుమారు పది రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. పరారుణం దగ్గర ఇది తిరగబడుతుంది. కాబట్టి ఏ కాంతి ఎంత దాటి వచ్చిందో చూస్తే ఆక్సిజన్ లెక్క తేలాలి. అయితే చర్మం, ఎముక, గోరు, సిరల్లోని పాత రక్తం కూడా కాంతిని మింగుతాయి. మనకు కావలసింది ధమనుల్లోని తాజా రక్తం ఒక్కటే. దాన్ని విడదీసేదెలా?

కుదురుగా నిలబడని పసిబిడ్డను తూచడానికి తల్లి బిడ్డను ఎత్తుకొని ఒకసారి, ఒంటరిగా ఒకసారి తూకం ఎక్కుతుంది. తీసివేస్తే బిడ్డ బరువు వస్తుంది. ఆక్సీమీటర్ చేసేది అచ్చంగా ఇదే. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలోకి కాస్త కొత్త ధమని రక్తం వస్తుంది, సెన్సర్‌కు చేరే కాంతి కొద్దిగా తగ్గుతుంది. మరుక్షణం రక్తం జారిపోతుంది, కాంతి పెరుగుతుంది. చర్మం, ఎముక, గోరు రెండు సార్లూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతాయి. మిగిలేది బిడ్డ, అంటే ఆ కొత్త రక్తం. చిక్కల్లా ఈ బిడ్డ మరీ చిన్నది: మొత్తం కాంతిలో ఆ హెచ్చుతగ్గు వందకు ఒకటి రెండు వంతులే.

ఎర్ర కాంతి 1 శాతం, పరారుణం 2 శాతం ఊగాయనుకోండి. నిష్పత్తి 0.5. పరికరం తన పట్టికలో 0.5 ఎదురుగా ఉన్న అంకె చూస్తుంది: సుమారు 97. నిష్పత్తి 1 అయితే సుమారు 85. ఈ పట్టిక సిద్ధాంతం నుంచి పుట్టింది కాదు. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల చేత తక్కువ ఆక్సిజన్ పీల్పించి, వాళ్ల ధమని రక్తాన్ని పరీక్షించి, పోల్చి రాసుకున్నది. 70 శాతం కంటే కిందికి మనుషులను దించరు కనుక ఆ కింది అంకెలు అంచనాలే.

ఈ ఆలోచన జపాన్ ఇంజనీరు తకువో అయోయాగిది. గుండె ఎంత రక్తం పంపుతోందో, రక్తంలోకి రంగు ఎక్కించి కొలుస్తుంటే నాడి ఊపు అడ్డుతగిలింది. ఆ అడ్డును తొలగించే పనిలో ఉండగా, ఆ ఊపులోనే ఆక్సిజన్ సమాచారం ఉందని గ్రహించి 1974లో ప్రకటించారు. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల ప్రపంచమంతా ఈ క్లిప్పుల కోసం వెతుకుతున్న రోజుల్లో, ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు తప్పులు. వేలు చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుంటాయి, బిడ్డ ఇంకా చిన్నదవుతుంది, తూకంలో చిన్న పొరపాటు కూడా పెద్దదైపోతుంది. చిటికెన వేలు క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా అంతే. చెయ్యి కదిలితే సిరల్లోని పాత రక్తం కూడా ఊగి లెక్కలో కలుస్తుంది. అసలు రక్తంతో సంబంధం లేని కుదుపులైతే రెండు కాంతులనూ ఒకేలా ఊపుతాయి, నిష్పత్తి 1 వైపు జరుగుతుంది, అంకె 85 వైపు జారుతుంది. హాయిగా కూర్చుని మాట్లాడుతున్న మనిషికి 85 కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. పెన్నుకు కూడా ఆక్సిజన్ చూపిస్తోందనే వీడియోలదీ ఇదే కథ. పరికరానికి తెలిసింది కాంతిలో ఊపు ఒక్కటే, పెన్ను వణికినా ఊపు వస్తుంది. దాన్ని చూపి పరికరం మోసమనడం, నిజంగా ఆక్సిజన్ పడిపోతున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడమే. అది నాకు చాలా బాధ కలిగించే ప్రచారం.

ముదురు గోళ్ల రంగు, ఎండ, అదే చేతికి బీపీ పట్టీ కూడా కొలతను చెడగొడతాయి. చర్మపు రంగు తీసివేతలో పోవాలి కానీ పూర్తిగా పోవడం లేదు. 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన పరిశీలనలో, పరికరం 92 నుంచి 96 చూపిన నల్లజాతి రోగుల్లో 11.7 శాతం మందికి అసలు విలువ 88 కంటే తక్కువ. తెల్లవారిలో 3.6 శాతం. చర్మం ముదురు రంగైతే అంకె నిజం కంటే ఎక్కువ చూపవచ్చని గుర్తుంచుకోవాలి.

కొలిచేముందు ఐదు నిమిషాలు కూర్చోండి. గోళ్ల రంగు తుడిచి, అరచేతులు రుద్ది వెచ్చబరచండి. మధ్య వేలు లేదా చూపుడు వేలు చివరిదాకా దూర్చి, చెయ్యి ఛాతీ ఎత్తులో ఆనించి, కదలకుండా, మాట్లాడకుండా నిమిషం ఆగండి. మొదట మెరిసిన అంకె కాదు, కుదురుకున్న అంకె రాసుకోండి. మణికట్టు దగ్గర నాడిని చేత్తో లెక్కపెట్టండి. తెర మీది నాడితో కలవకపోతే ఆక్సిజన్ అంకె కూడా చెల్లదు. రోజుకు మూడు సార్లు, ఎప్పుడూ అదే వేలికి చూడండి. అన్నీ సరిగా ఉన్నా రెండు మూడు పాయింట్ల తేడా సహజం కాబట్టి, ఒక్క కొలత కంటే రోజుల వరుస ఎక్కువ చెబుతుంది.

95, ఆ పైన ఉంటే మంచిదే. 93, 94 వస్తే గంటలోపు మళ్లీ చూసి, అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాలి. 92 లేదా తక్కువ స్థిరంగా ఉంటే ఆసుపత్రికి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బున్నవారికి డాక్టరు చెప్పిన అంకె వేరేగా ఉండొచ్చు. హద్దు అంత పైన ఎందుకంటే, రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మి.మీ. నుంచి 60కి పడినా శాతం 97 నుంచి 90కే దిగుతుంది. తర్వాత 40కి పడితే ఏకంగా 75. 90 కనిపించేసరికే నిల్వ చాలావరకు ఖర్చయిపోయింది.

గర్భిణులకు 95 కంటే తగ్గనివ్వకూడదు. కడుపులో బిడ్డకు ఆక్సిజన్ అందేది తల్లి రక్తం నుంచే. ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉంది: 98 వస్తే రక్తం బాగున్నట్టేనని. అది నిజం కాదు. అంకె చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత భాగం నిండిందనే. గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. 14 గ్రాములున్నవారి 100 మి.లీ. రక్తంలో 18 మి.లీ. ఉంటే, 7 గ్రాములున్నవారిలో 9 మాత్రమే. ఇద్దరికీ తెర మీద 98. రక్తహీనత తెలియాలంటే రక్త పరీక్షే చేయించాలి. మూసిన గదిలో బొగ్గుల పొగ పీల్చినా ఇలాగే మోసపోతాం, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను పరికరం ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కిస్తుంది.

ఆయాసం లేదు కదా అని తక్కువ అంకెను తీసిపారేయకండి. ఊపిరాడని బాధ ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల వస్తుంది. అది ఆక్సిజన్ కంటే ఎంతో తేలిగ్గా ఊపిరితిత్తుల గోడ దాటి బయటికి పోతుంది కాబట్టి ఆక్సిజన్ పడిపోతున్నా మనిషికి తెలియకపోవచ్చు. అలాగే పెదవులు నీలంగా మారినా, ఒక వాక్యం ఏకబిగిన చెప్పలేకపోయినా, మనిషి తికమకపడుతున్నా, నిమిషానికి ఊపిరి 30 దాటినా, తెర మీద 97 ఉన్నా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.