విభజన ఆగితేనే కండరం: మయోడీ కథ, దాని వెనుక అరవై ఏళ్ల ప్రశ్న

ఎలుక కండరం నుంచి వచ్చిన సి2సి12 కణాలను పెంచడం చాలా జీవశాస్త్ర ప్రయోగశాలల్లో రోజువారీ పని. 10 నుంచి 20 శాతం పశువుల పిండ సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపిన ద్రవంలో ఉన్నంతకాలం ఈ కణాలు దాదాపు రోజుకోసారి విభజన చెందుతూ డిష్ అడుగున పరుచుకుంటాయి. డిష్ నిండాక ఆ ద్రవం తీసేసి 2 శాతం గుర్రపు సీరం ఉన్న ద్రవం పోస్తే మూడు నాలుగు రోజుల్లో రూపం మారిపోతుంది. కణాలు ఒకే దిక్కుకు వరుస కడతాయి. అంచులు కరిగినట్టు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పదుల కొద్దీ కేంద్రకాలున్న పొడవాటి గొట్టాలవుతాయి. వీటినే మయోట్యూబులంటారు. వీటికి మళ్లీ ఎంత సీరం పోసినా విభజన జరగదు.

ఇక్కడ రెండు పనులు జరిగాయి: కండరానికి కావలసిన జన్యువులు తెరుచుకున్నాయి, విభజనకు తాళం పడింది. ఈ రెండూ ఒకే పనా, వేరువేరా? వేరైతే వాటిని ముడివేసేది ఏది? విభేదనం చెందే, అంటే కణాలు ఒక ప్రత్యేక పనికి తగ్గట్టు మారే, ప్రతి కణజాలం విషయంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. కానీ దీని చరిత్ర కండరంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

1961లో స్టాక్‌డేల్, హోల్ట్‌జర్ కోడి పిండం కణాలకు రేడియోధార్మిక థైమిడిన్ ఇచ్చి చూశారు. డీఎన్ఏను కొత్తగా తయారు చేసుకునే కేంద్రకం మాత్రమే దాన్ని లోపలికి తీసుకుంటుంది. మయోట్యూబుల్లోని కేంద్రకాలు తీసుకోలేదు. థైమిడిన్‌ను ముందే ఒంటరి కణాలకు ఇచ్చి, గొట్టాలు కట్టేదాకా ఆగి చూస్తే మాత్రం గుర్తుపడిన కేంద్రకాలు వాటిలో కనిపించాయి. అంటే గొట్టం లోపల కేంద్రకం విభజన చెంది పెరగలేదు, బయట విభజన ముగించుకున్న కణాలే వచ్చి కలిశాయి. అప్పటి నుంచి చాలాకాలం, విభజన మానడమే విభేదనం అన్నట్టు రెంటినీ కలిపి చెప్పడం అలవాటైంది. కారణం ఏ అణువో ఎవరికీ తెలియదు.

దారి అనుకోని వైపు నుంచి తెరుచుకుంది. 1977లో పీటర్ జోన్స్, సహచరులు 10టి1/2 అనే ఎలుక పిండ కణాలకు 5-అజాసైటిడిన్ అనే మందు ఇచ్చారు. కండరంతో సంబంధం లేని ఆ కణాల్లో కొన్ని తర్వాత కండరమయ్యాయి. ఈ మందు డీఎన్ఏ మీద, జన్యువులను మూసి ఉంచే మిథైల్ గుర్తులు పడకుండా ఆపుతుంది. మూసి ఉన్న ఒకటో రెండో జన్యువులు తెరుచుకుంటేనే కణం దారి మారుతుందేమోనన్న ఊహ అప్పుడు బలపడింది. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రంలో హెరాల్డ్ వైన్‌ట్రాబ్ బృందం ఆ ఊహ వెంట వెళ్లి, కండర కణాల్లో మాత్రమే పనిచేసే జన్యువులను వడకట్టింది. 1987లో డేవిస్, వైన్‌ట్రాబ్, లాసర్ అందులో ఒక్క జన్యువును 10టి1/2 కణాల్లోకి ఎక్కించగానే అవి కండర కణాలయ్యాయి. అదే మయోడీ. తర్వాత కొవ్వు, కాలేయం, నాడీ కణ వరుసల్లోనూ అది కండర జన్యువులను తెరవగలిగింది. ఒక్క ప్రోటీన్ కణం గతిని మార్చగలదని ఇంత సూటిగా చూపిన ప్రయోగం అంతకుముందు లేదు.

మయోడీ ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే ఇతర జన్యువులను తెరిచే ప్రోటీన్. ఈ-ప్రోటీన్ అనే జంటతో కలిసి, డీఎన్ఏలో ఈ-బాక్స్ అనే ఆరు అక్షరాల చోట కూర్చుంటుంది. ఆ జంటను లాక్కునే ఐడీ ప్రోటీన్ 1990లో దొరికింది. సీరం ఉన్నంతసేపు ఐడీ ఎక్కువగా ఉంటుంది. అందుకే మయోడీ ఉన్నా మయోబ్లాస్ట్ (ఇంకా కండరం కాని, కాబోయే కణం) కండరం కాకుండా విభజన చెందుతూ ఉండగలదు.

అదే 1990లో ఇంకో విషయం తేలింది. మయోడీ ఎక్కువగా పెట్టిన కణాల్లో, అవి కండరంగా మారకపోయినా సరే, విభజన ఆగిపోతోంది. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదేనని నా అభిప్రాయం. తెరవడం వేరు, ఆపడం వేరు. రెండూ ఒకే ప్రోటీన్ చేతిలో ఉన్నాయి.

ఆపే పని ఎలా జరుగుతుందో 1993 నుంచి 1995 మధ్య బయటపడింది. విభజన మొదలు కావాలంటే విభజనను నడిపే సైక్లిన్ డీ, సీడీకే4 ప్రోటీన్ల జంట ఆర్‌బీ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్లు తగిలించాలి. అప్పుడు ఆర్‌బీ పట్టు వదులుతుంది, ఈ2ఎఫ్ అనే మరో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ విడుదలై డీఎన్ఏ ప్రతులు తీసే జన్యువులను లేపుతుంది. పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాలో పాడైపోయేది ఈ ఆర్‌బీయే. సీడీకే4 లాంటి సీడీకేలను అణిచే పి21 ప్రోటీన్‌ను మయోడీ స్వయంగా పెంచుతుందని, మామూలుగా పి21ను పెంచే పి53 ప్రోటీన్ అందుకు అవసరం లేదని 1995లో తేలింది. పి21 పెరిగితే ఆర్‌బీ మీద ఫాస్ఫేట్లు పడవు, ఈ2ఎఫ్ బందీగానే ఉంటుంది. ఎదురు దారి కూడా ఉంది: సైక్లిన్ డీ ఎక్కువైతే మయోడీ పనిచేయలేదు. సీరం తగ్గించగానే కణం ఎటు ఒరుగుతుందో నిర్ణయించేది ఈ తూకమే.

వరుస కూడా ముఖ్యం. సి2సి12 కణాల్లో మొదట మయోడీ కుటుంబానికే చెందిన మయోజెనిన్ కనిపిస్తుంది, తర్వాత పి21, ఆపై కండరాన్ని ముడుచుకునేలా చేసే మయోసిన్ ప్రోటీన్, చివర కణాల కలయిక. మయోజెనిన్ వచ్చిన కణం ఇంకా డీఎన్ఏ చేసుకోగలదు. పి21 కూడా వచ్చాక చేసుకోలేదు. కాబట్టి మయోజెనిన్ ఉందని చూపే రంగు పట్టిన కణాలను లెక్కపెట్టి, విభజన మానినవి ఇన్ని అని రాస్తే తప్పు. కొత్త డీఎన్ఏలో చేరే ఎడ్యు లాంటి గుర్తును కూడా కలిపి చూడాలి.

ఇంత చక్కగా కుదిరిన లెక్కను ఎలుకలు కొంత కలవరపెట్టాయి. పి21 లేని ఎలుకలకు కండరాలు మామూలుగానే వచ్చాయి. పి21తో పాటు దాని బంధువైన పి57 కూడా తీసేశాకే, 1999లో, కండరం కట్టకుండా పోయింది. ఒక తాళం పోయినా రెండోది పట్టి ఉంచుతోందన్నమాట. ఆర్‌బీ లేని కండర కణాలు డీఎన్ఏను రెట్టింపు చేసుకుని మధ్యలోనే చిక్కుపడ్డాయి. 2004లో మరో ముక్క దొరికింది: కండరం పూర్తిగా ఏర్పడ్డాక ఆర్‌బీని తీసినా విభజన తిరిగి మొదలుకాదు. తాళం వేయడానికి ఆర్‌బీ కావాలి, వేసి ఉంచడానికి అదొక్కటే ఆధారం కాదు. 2010లో హెలెన్ బ్లా బృందం ఆర్‌బీతో పాటు విభజనను అడ్డుకునే ఏఆర్ఎఫ్ అనే ప్రోటీన్‌ను కూడా అణచి, ఎలుక కండర కణాలను మళ్లీ విభజనలోకి దించగలిగింది. తెగిన కాలును తిరిగి పెంచుకునే న్యూట్ అనే ఉభయచర జీవి కండరం ఇదే పని సహజంగా చేస్తుంది.

ఆగడాల్లోనూ తేడా ఉంది. మయోట్యూబుది శాశ్వత విరామం, కండరం అంచున ఉండే శాటిలైట్ కణానిది నిద్ర. గాయమైతే లేస్తుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జ్యోత్స్నా ధవన్ బృందం పరిశోధించినది ఈ నిద్ర మీదే. సి2సి12 కణాలను మిథైల్‌సెల్యులోజ్ జిగురు ద్రవంలో 48 గంటలు అడుగు తగలకుండా ఉంచితే విభజన ఆగుతుంది, మయోడీ కూడా పడిపోతుంది. తిరిగి డిష్‌లో పరిస్తే రెండూ తిరిగొస్తాయి. మయోడీ లేకుండా ఆగితే లేవచ్చు, మయోడీ, పి21 చేతుల మీదుగా ఆగితే లేవడం లేదు.

ఇది తెలిస్తే ప్రయోగశాలలో తరచూ జరిగే ఒక నష్టం అర్థమవుతుంది. సి2సి12ను సగానికి కొంచెం ఎక్కువగా డిష్ నిండగానే, మహా అయితే 70 శాతం దగ్గర, విడదీసి కొత్త డిష్‌లకు మార్చాలి. సెలవు రోజని వదిలేస్తే కిక్కిరిసిన చోట మంచి కణాలు విభేదనం మొదలుపెట్టి విభజన మానేస్తాయి. తర్వాతి డిష్‌కు చేరేవి కండరం కావడానికి ఇష్టపడని కణాలే. ఇలా నాలుగైదు సార్లు జరిగితే గుర్రపు సీరం ఎంత పోసినా గొట్టాలు కట్టవు. తప్పు సీరందని సీసాలు మార్చేవాళ్లు చాలామంది. ముందే గడ్డకట్టించి దాచిన పాత కణాల సీసా తీసి కొత్తగా మొదలుపెట్టడమే దారి.

ఇదే ముడి మనుషుల్లో తెగితే వచ్చే క్యాన్సర్ రాబ్డోమయోసార్కోమా. పిల్లల్లో వచ్చే మెత్తని కణజాల క్యాన్సర్లలో ఇదే ఎక్కువ. ఈ కణాల్లో మయోడీ ఉంటుంది, డీఎన్ఏ మీద కూర్చుంటుంది కూడా, కానీ పని పూర్తి చేయలేదు. విభజన సాగుతూనే ఉంటుంది. బయాప్సీ ముక్క మీద మయోడీ, మయోజెనిన్ రంగులు వేసే పాథాలజిస్టులు కేంద్రకంలో పట్టిన గోధుమ రంగునే లెక్కలోకి తీసుకుంటారు. కేంద్రకం బయటి కణద్రవ్యంలో మయోడీ రంగు కనిపిస్తే దాన్ని నమ్మరు. గడ్డ చుట్టూ దెబ్బతిని కోలుకుంటున్న మామూలు కండరపు పోగులకు కూడా మయోజెనిన్ రంగు పడుతుంది కాబట్టి, ఆ కేంద్రకాలు గడ్డవేనా, పక్క కండరానివా అని ముందు తేల్చుకుంటారు.