తలంబ్రాల దగ్గర బిగుసుకుపోయే కంప్యూటర్

పర్లాకిమిడి నుంచి ఒక యువకుడు ఉత్తరం రాశాడు. తండ్రి కాలం నుంచి వాళ్లది ఫొటో స్టూడియో. పాతపట్నం వైపు తెలుగు పెళ్లిళ్లు, గజపతి జిల్లా లోపల ఒడియా పెళ్లిళ్లు, రెండూ తీస్తారు. "మాస్టారూ, మా మిక్సింగ్ కంప్యూటర్ 2012 నాటిది. విశాఖపట్నంలో ఒక ఆఫీసువాళ్లు తీసేస్తుంటే కొన్నాం. రెండు ప్రాసెసర్లు, మొత్తం పదహారు కోర్లు, 64 జీబీ మెమరీ. ఇన్నాళ్లూ ఏనుగులా పనిచేసింది. కిందటి మాఘమాసంలో కొత్త 4కె కెమెరా కొన్నాక టైమ్‌లైన్ మీద వీడియో సరిగా కదలడం లేదు. తలంబ్రాల దగ్గరకు వచ్చేసరికి పూర్తిగా బిగుసుకుపోతోంది. దిష్టి తగిలిందని అమ్మ నిమ్మకాయ కూడా కట్టింది. ఇది ముసలిదైపోయిందా? అమ్మేయమంటారా?"

ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట 'తలంబ్రాలు'. రోగి తన నొప్పి ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తే వైద్యుడికి సగం పని తప్పినట్టే. ఈ అబ్బాయి సరిగ్గా అలాగే చూపించాడు.

ముందు ముసలితనం సంగతి తేల్చేద్దాం. ప్రాసెసర్‌కు మోకాళ్ల నొప్పులు రావు. 2012లో సెకనుకు 270 కోట్ల సార్లు కొట్టుకున్న గడియారం ఈరోజూ అంతే వేగంగా కొట్టుకుంటుంది. పాతబడేవి వేరే ఉన్నాయి: ప్రాసెసర్ మీద పూసిన వేడిని లాగే పేస్టు ఎండిపోతుంది, ఫ్యానుకు దుమ్ము పడుతుంది, హార్డ్ డిస్కు అరుగుతుంది. పేస్టు ఎండితే చిప్పు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇవన్నీ ఒక మధ్యాహ్నంలో సరిచేసుకోగల పనులు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ నాడు మన ప్రాంతంలో ప్రతి దుకాణంలోనూ యంత్రాలకు పూజ చేస్తారు. అన్నం పెట్టే యంత్రాన్ని గౌరవించే ఆ ఆచారం నాకు ఎంతో ఇష్టం. అయితే సాంబ్రాణి పొగ ఫ్యాను రెక్కల మీద జిడ్డుగా పేరుకుని దుమ్మును పట్టుకుంటుంది. ఆ రోజు కంప్యూటర్ మూత తీసి దుమ్ము దులపడమే అసలైన పూజ అని చాలామందికి చెప్పి చూశాను. నిమ్మకాయను దయచేసి విప్పేయండి. అది కుళ్లి కారితే లోపలి రాగి తీగలకు మంచిది కాదు.

పర్లాకిమిడివాళ్లకు నౌపడా రైలు గుర్తుండే ఉంటుంది. 1900లో మొదలైన ఆ లైట్ రైల్వే రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచేది. తర్వాత ఐదున్నర అడుగుల పట్టాలు వేశారు. పాత ఇంజను ఎంత బలంగా ఉన్నా కొత్త పట్టాల మీద నడవలేదు. మన కంప్యూటర్‌కు జరిగింది అదే. కెమెరా మారినప్పుడు పట్టాలు మారిపోయాయి.

ఆ పట్టాలేమిటో చెప్పాలంటే మా తాతగారి బియ్యం కొట్టు చిట్టా తెరవాలి.

బరంపురం బడాబజారులో ఉండేది ఆ కొట్టు. నెల మొదటి తారీఖున గుమాస్తా ప్రతి బస్తానూ లెక్కపెట్టి, ఏ వరుసలో ఏ రకం ఎన్ని ఉన్నాయో నిండు పేజీ రాసేవాడు. మర్నాటి నుంచి మార్పులే రాసేవాడు: నాలుగు బస్తాలు పోయాయి, రెండు వచ్చాయి. పేజీలో రెండు మూడు గీతలతో సరిపోయేది. పుస్తకం సన్నగా ఉండేది. మరి 17వ తారీఖు సాయంత్రం కొట్టులో ఎన్ని బస్తాలున్నాయని తాతగారు అడిగితే? 17వ పేజీ ఒక్కటి చూస్తే ఏమీ తెలియదు. ఒకటో తారీఖు నిలువతో మొదలుపెట్టి, పదహారు రోజుల కూడికలూ తీసివేతలూ చేసుకుంటూ అక్కడికి రావాలి.

మీ కెమెరా సరిగ్గా ఇలాంటి చిట్టాయే రాస్తుంది. రాయక దానికి గత్యంతరం లేదు. 4కె చిత్రంలో 82,94,400 చుక్కలుంటాయి. మంచి కెమెరాలో ఒక్కో చుక్కకు సగటున 20 బిట్లు పడతాయి. అంటే ఒక చిత్రానికి రెండు కోట్ల పైచిలుకు బైట్లు, సెకనుకు పాతిక చిత్రాలకు దాదాపు 52 కోట్ల బైట్లు. ఉన్నదున్నట్టు రాస్తే గంట పెళ్లికి 1.87 టెరాబైట్లు కావాలి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాసే కెమెరా అదే గంటను 45 గిగాబైట్లలో, అంటే నలభై ఒకటో వంతులో, రాసేస్తుంది. ఎలాగంటే, దాదాపు సెకనుకు ఒకసారి నిండు పేజీ, మిగతావన్నీ మార్పుల పద్దులు. నిండు పేజీని ఐ ఫ్రేమ్ అంటారు, మార్పుల పేజీని పీ ఫ్రేమ్ అంటారు.

ఈ గుమాస్తా తెలివైనవాడు. మూడో వరుసలో ఉన్న బస్తాలను ఐదో వరుసలోకి జరిపితే, 'పది పోయాయి, పది వచ్చాయి' అని రెండుసార్లు రాయడు. 'మూడు నుంచి ఐదుకు జరిగాయి' అని ఒక్క ముక్కలో ముగిస్తాడు. పెళ్లికూతురు తల తిప్పితే కెమెరా చేసేదీ ఇదే. ఆమె బుగ్గ, జడ, బాసికం ఉన్న చిత్రపు ముక్కలను కొత్తగా గీయదు. ఈ ముక్క కుడికి ఇన్ని చుక్కలు, కిందికి ఇన్ని చుక్కలు జరిగిందని రాసి ఊరుకుంటుంది. దీన్ని చలన సదిశ అంటారు.

ఇప్పుడు బస్తా చిరిగి బియ్యం చిమ్మిందనుకోండి. ఏ గింజ ఎటు పోయిందో 'జరిగింది' అన్న ఒక్క మాటతో చెప్పలేం. గింజ గింజకూ పద్దు రాయాలి. తలంబ్రాలంటే అదే కదా! దోసిళ్ల నుంచి వందల గింజలు ఒక్కసారిగా ఎగిరి, ఒక్కొక్కటి ఒక్కో దారిన, మెరుస్తూ, తిరుగుతూ పడతాయి. ముందరి చిత్రంలో వాటికి పోలిక దొరకదు. కెమెరా చిత్రాన్ని చిన్న చిన్న గళ్లుగా చీల్చి, ప్రతి గడికీ వేరే చలనమూ వేరే తేడా రాయాల్సివస్తుంది. ఆ ఒక్క నిమిషంలో పద్దుల రద్దీ అమాంతం పెరుగుతుంది. మంటపంలో అందరూ కదలకుండా కూర్చున్న కన్యాదానం దగ్గర సాఫీగా నడిచిన కంప్యూటర్ తలంబ్రాల దగ్గర ఆగిపోవడానికి కారణం అదే.

ఇంకో చిక్కుంది. పద్దుల్లో కొన్ని రేపటి పేజీని చూసి రాసినవి. సోమవారం ఇంత, బుధవారం ఇంత, కాబట్టి మంగళవారం ఈ రెంటికీ మధ్యస్థం, అంతకు పైన తేడా ఇంత అని. వీటిని బీ ఫ్రేములంటారు. మంగళవారం తెలియాలంటే ముందు బుధవారం చదవాలి. అందుకే ఫైల్లో చిత్రాలు చూసే వరుసలో ఉండవు, విప్పే వరుసలో ఉంటాయి.

సినిమా చూసేవాడికి ఇదేమీ బరువు కాదు. మొదటి పేజీ నుంచి వరుసగా చదువుకుంటూ పోతాడు. ఎడిటింగ్ చేసేవాడి పని అలా కాదు. 17వ పేజీ, వెంటనే 9, మళ్లీ 22, అక్కడి నుంచి వెనక్కి! ఇరవైఐదు చిత్రాల గుంపును వెనక నుంచి ముందుకు చూడాలనుకోండి. లెక్క తేలిక కోసం అన్నీ పీ ఫ్రేములే అనుకుందాం. ఇరవైఐదో చిత్రానికి ఇరవైఐదు విప్పాలి, ఇరవైనాలుగో దానికి ఇరవైనాలుగు. ఏదీ దాచుకోకపోతే మొత్తం 325. అంటే పదమూడు రెట్ల పని. అందుకే సాఫ్ట్‌వేర్లు విప్పిన చిత్రాలను మెమరీలో దాచుకుంటాయి. ఇక్కడ మీ 64 జీబీ నిజంగా ఆదుకుంటుంది, దాన్ని తగ్గించకండి.

మరి పదహారు కోర్లు ఏం చేస్తున్నాయి? పదహారుమంది గుమాస్తాలను కూర్చోబెట్టి 17వ తారీఖు నిలువ చెప్పమంటే, నిన్నటి లెక్క తేలకుండా ఇవాళ్టి లెక్క మొదలుపెట్టడమెలా? పైగా ఆ చిట్టా రాసిన లిపి కూడా వింతది. కాబాక్ అనే సంకేత పద్ధతిలో ప్రతి బిట్టు అర్థమూ అంతకుముందు విప్పిన బిట్ల మీద ఆధారపడుతుంది. ప్రతి అడుగులోనూ సంభావ్యతల పట్టిక మారిపోతూ ఉంటుంది. మూడో అక్షరం చదవందే నాలుగో అక్షరం ఏ వర్ణమాలలోదో తెలియదు. ఒక ముక్కలోని బిట్లను ఇద్దరు పంచుకుని చదవలేరు. పదహారుమందీ పూర్తిగా ఖాళీగా ఉంటారని కాదు. ముందరి చిత్రంలో పై వరుసలు తేలగానే తర్వాతి చిత్రం పై వరుసలు మొదలుపెట్టవచ్చు. ఒక గుంపు ఒకరికి, మరో గుంపు మరొకరికి ఇవ్వవచ్చు. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా తీసేటప్పుడు, పదహారు కోర్లూ కష్టపడి పనిచేస్తాయి, రంగులు దిద్దడం, టైటిళ్లు కలపడం వంటి పనుల్లో ఈనాటికీ ఆ బలం పనికొస్తుంది. టైమ్‌లైన్ మీద వేలు కదిపిన చోట ఒక్క చిత్రం తక్షణం కావాలన్నప్పుడే వరుస తెగక అవి నిలిచిపోతాయి.

ఈ పనికి కంపెనీలు వేరే ఏర్పాటు చేశాయి. ఈ ఒక్క లిపిని చదవడం తప్ప మరేమీ రాని గుమాస్తాను చిప్పులోనే చెక్కి పెట్టాయి. వేలిగోరంత జాగా, కొద్దిపాటి కరెంటు. ఇంటెల్ 2011 జనవరిలో ఇళ్లలో వాడే ప్రాసెసర్లకు క్విక్ సింక్ పేరుతో దాన్ని ఇచ్చింది. ఆ వలయం గ్రాఫిక్స్ భాగంలో ఉంటుంది. మీ యంత్రంలో ఉన్నలాంటి, 2012లో వచ్చిన పెద్ద జియాన్ ఈ5 ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగమే లేదు. ఖరీదైన వర్క్‌స్టేషన్‌కు లేని గుమాస్తా ఆ ఏడాది మామూలు డెస్క్‌టాప్‌లో ఉన్నాడన్నమాట! దీన్ని మొదటిసారి గ్రహించినప్పుడు నేను ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

మీ గ్రాఫిక్స్ కార్డు క్వాడ్రో కె4000 అని రాశారు. అందులో అలాంటి గుమాస్తా ఉన్నాడు, కాని అతనికి వచ్చింది 2003 నాటి హెచ్.264 లిపి. మీ కొత్త కెమెరా రాసేది హెచ్ఈవీసీ. ఆ ప్రమాణం ఖరారైంది 2013లో. పాత లిపిలో 16×16 గళ్లయితే, కొత్తదానిలో 64×64 దాకా వెళ్లి, అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా చీలుతుంది. పక్క చుక్కల నుంచి గడిని ఊహించడానికి పాతదానిలో తొమ్మిది దారులుంటే కొత్తదానిలో ముప్ఫైఐదు. అదే నాణ్యతను దాదాపు సగం బిట్లలో ఇస్తుంది, అందుకు మూల్యం విప్పేవాడి శ్రమ. 4కె తీసే ఫోను దాన్ని సునాయాసంగా చూపిస్తుంది, దాని గుమాస్తాకు ఆ లిపి వచ్చు కనుక.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ రెండు లిపుల అడుగునా ఉన్న గణితం, చిత్రపు గడిని కొసైన్ తరంగాల మొత్తంగా రాయడం, 1974లో ముగ్గురు ప్రకటించిన వ్యాసంలోది: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కమిశెట్టి రామమోహనరావు. పెళ్లి వీడియో తీసే ప్రతి తెలుగు స్టూడియోలోనూ ఒక తెలుగు పేరున్న మనిషి ఆలోచన పనిచేస్తోంది. మన పిల్లలకు కంప్యూటర్ పాఠంలో 'తరాలు' బట్టీపట్టించే బదులు ఈ కథ చెప్పకూడదా? వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే. చిట్టా పద్దులతో కొసైన్ దాకా తీసుకెళ్లడం ఆయనకు నచ్చేదనే నా నమ్మకం.

సరే, ఏం చేయాలి? అమ్మవద్దు. రెండు దారులున్నాయి.

మొదటిది గుమాస్తాను తెచ్చుకోవడం. జీటీఎక్స్ 1650 వంటి కార్డు 75 వాట్లతో, చాలా మోడళ్లలో వేరే పవర్ తీగ లేకుండానే, నడుస్తుంది, దానికి హెచ్ఈవీసీ వచ్చు. అయితే ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులో పడ్డారు. రంగు వివరాలను ఎక్కువగా ఉంచే 4:2:2 10-బిట్ రకాన్ని అది చదవలేదు. ఆ రకాన్ని ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి, ఎన్విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస నుంచి ఉన్న గుమాస్తాలు చదవగలుగుతున్నారు. కాబట్టి కార్డు కొనేముందు కెమెరా మెనూ తెరిచి, 4:2:0 పెట్టుకోగలమా అని చూడండి. పెళ్లి పనికి అది చాలు.

రెండోది పైసా ఖర్చు లేనిది: ప్రాక్సీ, అంటే ఎడిటింగ్‌లో అసలు ఫైలుకు బదులు వాడే తేలికపాటి నకలు. రాత్రి పడుకునేముందు ఫుటేజీ మొత్తాన్ని ప్రోరెస్ ప్రాక్సీ లాంటి రూపంలోకి, 1080 సైజులో, మార్చడానికి పెట్టండి. ఆ రూపంలో ప్రతి పేజీ నిండు పేజీయే. ఏ తారీఖు అడిగినా వెనక్కి వెళ్లే పని లేదు. పదహారు కోర్లకూ ఒక్కసారిగా పని దొరుకుతుంది, తలా ఒక పేజీ. అసలు పుస్తకం పక్కన ఇంకో పుస్తకం చేరుతుంది. సెకనుకు పాతిక చిత్రాలకు 38 మెగాబిట్లు, గంటకు 17 గిగాబైట్లు. మూడు కెమెరాలు కలిసి ఆరు గంటల ఫుటేజీకి నూటమూడు గిగాబైట్లవుతుంది. మూడింటినీ ఒకేసారి నడిపినా డిస్కు సెకనుకు 15 మెగాబైట్లలోపు చదివితే చాలు, పాత హార్డ్ డిస్కుకు కూడా అది భారం కాదు. ఎడిటింగ్ ప్రాక్సీల మీద చేసి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు అసలు ఫైళ్లకు మార్చుకోండి.

కరెంటు సంగతీ ఆలోచించాలి. ఆ రెండు ప్రాసెసర్లే తలా 130 వాట్లవి. యంత్రం మొత్తం 400 వాట్లు లాగితే పది గంటలకు నాలుగు యూనిట్లు, అంత బరువు మోసే యూపీఎస్ కూడా కావాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ ప్రాసెసర్లు లేవు. ఎడిటింగ్ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ నుంచి విడదీసి ఉంచండి. పెళ్లి జరుగుతుండగానే అక్కడికక్కడ ముఖ్యాంశాలు కట్ చేసి చూపించే పని పెట్టుకుంటే మాత్రం ప్రాక్సీలకు వ్యవధి ఉండదు, అప్పుడు కొత్త యంత్రం కొనడమే న్యాయం.

ఇదంతా రాసి పంపిన పది రోజులకు నేనే పర్లాకిమిడి వెళ్లాను. రాత్రి ప్రాక్సీలు తయారయ్యాయి. పొద్దున ఆ అబ్బాయి తలంబ్రాల క్లిప్పు తెరిచి, మౌసు పట్టుకుని నెమ్మదిగా వెనక్కి లాగాడు. ఎక్కడా ఆగలేదు. పెళ్లికొడుకు తల మీది గింజలు ఒక్కొక్కటే లేచి, గాలిలో తిరిగి, పెళ్లికూతురు దోసిలిలోకి చేరాయి. వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఇంకోసారి వేయమంది.