లీజు ఇల్లు, కిరాయి ఇల్లు: పట్నం పోయే కుటుంబాలకు ఉన్న అపోహలు, అసలు సంగతులు

పోయిన నెల దేవరకొండ వైపు నుంచి భార్యాభర్తలిద్దరు మా దుకాణానికి వచ్చారు. నల్లగొండలో దస్తావేజులు రాయడం నా పని, ఇరవై రెండేళ్లుగా ఇదే. పెద్దపాపకు హైదరాబాద్ ఎల్బీనగర్‌లో ఇంటర్ సీటు దొరికింది, ఆయనకు అటే ఒక గోదాములో పని కుదిరింది. ఆయన చేతిలో స్టాంపు పేపరు, ఫోన్‌లో ఒక ఫ్లాటు ఫొటోలు ఉన్నాయి.

"సార్, ఎనిమిది లక్షలు ఒక్కసారి కడితే మూడేండ్లు కిరాయి లేదంట. మూడేండ్లయినంక మా పైసలు మాకు వాపస్ ఇస్తరంట. అగ్రిమెంటు రాసియ్యండి."

ఎనిమిది లక్షలు ఎక్కడివని అడిగాను. ఇరవై గుంటలు అమ్మారట.

నేను రాయనన్నాను. ఆమె మొహం వాడిపోయింది. పట్నంలో కిరాయిలు విని భయపడి, పిల్లల చదువు కోసం ఉన్న భూమి తెగనమ్ముకుని వచ్చిన మనుషులు వాళ్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. "లీజు బెస్ట్, డబ్బు ఎక్కడికీ పోదు" అని వాట్సాప్ గ్రూపుల్లో తోచినట్లు చెప్పేవాళ్ల మీదే కోపం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: లీజుకు తీసుకుంటే కిరాయి మిగులుతుంది, అసలు భద్రంగా ఉంటుంది

ఊళ్లో ఎవరైనా యాభై వేలు అప్పు అడిగితే ఏం చేస్తాం? ఎందుకు, వడ్డీ ఎంత, నోటు రాస్తావా, సాక్షి ఎవరు, పొలం ఎక్కడుంది అని అడుగుతాం. అదే లీజు అనే మాట వినగానే, ముక్కూమొహం తెలియని మనిషికి ఎనిమిది లక్షలు ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా వెయ్యం. లీజు డబ్బంటే ఓనరుకు మీరిచ్చే అప్పే. ఆ ఇంట్లో మీరు ఉండటమే దానికి వడ్డీ.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ఫ్లాటుకు బయట కిరాయి నెలకు 12,000 ఉందనుకుందాం. 8 లక్షల మీద నెలకు 12,000 అంటే నూటికి రూపాయిన్నర వడ్డీ. అదే ఫ్లాటు కాగితాలు పెడితే బ్యాంకు రూపాయికి అటూ ఇటూగా అప్పు ఇస్తుంది. మరి రూపాయిన్నర వడ్డీకి మీ దగ్గర ఎందుకు తీసుకుంటున్నాడు? నిజాయితీ గల ఓనర్లు లేరని అనను. కానీ చాలాసార్లు ఆ కాగితాలు అప్పటికే బ్యాంకులో ఉంటాయి, కిస్తీలు ఆగిపోయి ఉంటాయి, ఇంకో బ్యాంకు గడప తొక్కనివ్వదు. అప్పుడే "లీజుకు ఇవ్వబడును" అని బోర్డు పెడతారు.

ఇది నేను ఎవరి దగ్గరో విని చెప్పడం లేదు. 2018లో మా అక్క కుటుంబం వనస్థలిపురం వైపు వెళ్లింది. ఆరు లక్షల లీజు. అగ్రిమెంటు రాసింది నేనే. అక్షరం తప్పు పోకుండా రాశాను గానీ, ఓనరు దగ్గర అసలు దస్తావేజు ఉందా అని అడగలేదు. పద్నాలుగు నెలలకు తలుపు మీద బ్యాంకు కాగితం అంటించి ఉంది. అప్పు కట్టనివాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ముందుగా 60 రోజుల నోటీసు ఇస్తుంది, కానీ ఆ నోటీసు వెళ్లేది అప్పు తీసుకున్న ఓనరుకు. ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసేది తలుపు మీద అంటించిన రోజే. ఇల్లు తాకట్టు పెట్టిన తర్వాత, బ్యాంకుకు చెప్పకుండా ఇచ్చిన లీజును బ్యాంకు లెక్కచేయదు. బావ రెండేళ్లు ఆ ఓనరు చుట్టూ తిరిగితే వచ్చింది లక్షా అరవై వేలు. ఆ ఏడాది రాఖీ పండక్కి అక్క మా ఇంటికి రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

ఇంకో రకం మోసం ఇటీవల ఎక్కువైంది. మధ్యలో ఒకడు ఓనరు దగ్గర ఫ్లాటును నెల కిరాయికి తీసుకుంటాడు. అదే ఫ్లాటును మీకు లీజుకు ఇచ్చి ఎనిమిది లక్షలు గుంజుతాడు. కొన్ని నెలలు ఓనరుకు కిరాయి కట్టి మాయమవుతాడు. ఓనరు వచ్చి "మీరెవరు?" అని అడుగుతాడు. అతని తప్పూ లేదు, మీ తప్పూ లేదు. పైసలు మాత్రం మీవే పోయాయి.

"నోటరీ చేయించాం కదా సార్" అంటారు. నోటరీ చూసేది సంతకం ఎవరిదన్నదే. ఇల్లు ఎవరిదో, దాని మీద ఎంత అప్పుందో చూడడు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాల్సిందే. 11 నెలల అగ్రిమెంట్లు పుట్టింది ఆ ఖర్చు తప్పించుకోవడానికే. నెల కిరాయికి జనం దాంతోనే నడిపిస్తున్నారు. లక్షలు పోసి మూడేళ్లు ఉండేదానికి చాలదు.

అయినా లీజే కావాలంటే ఈ పనులు చేయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ ఇంటి ఈసీ, అంటే దాని మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం తీయండి, 1983 నుంచి కనిపిస్తుంది. మీసేవలో కూడా ఇస్తారు. తాకట్టు ఉంటే చాలావరకు అందులోనే బయటపడుతుంది. కొన్నిసార్లు అందులోకి ఎక్కదు, అందుకే అసలు దస్తావేజు కళ్లారా చూడాలి. జిరాక్సు కాదు, ఫోన్‌లో ఫొటో కాదు. "బ్యాంకులో ఉంది, రేపోమాపో తెస్తా" అంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఇంటి పన్ను రసీదులో, కరెంటు బిల్లులో, ఆధార్‌లో పేరు ఒకటేనా చూడండి. డబ్బు ఓనరు సొంత ఖాతాలోకే వెయ్యండి. లీజు రిజిస్టర్ చేయనంటే, ఆ ఇల్లు ఎంత బాగున్నా మీకొద్దు.

నన్నడిగితే, ఆ ఎనిమిది లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేసుకోండి. ఒకరి పేరు మీద 9 లక్షల దాకా వేయొచ్చు. 7.4 శాతం వడ్డీ లెక్కన నెలకు ఐదు వేలకు కాస్త తక్కువ వస్తుంది. మొత్తం కిరాయి తీరదు, నిజమే. కానీ ఇరవై గుంటల పైసలు మీ పేరు మీదే ఉంటాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: పట్నానికి ఎంత దూరంలో ఉంటే అంత చవక

కిరాయి చవకే. నెల మొత్తం ఖర్చు చూడండి. మన నల్లగొండ వాళ్లు విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దగ్గర చూస్తారు, పాలమూరు వాళ్లు షాద్‌నగర్, శంషాబాద్ దారిలో. ఇటువైపు మెట్రో ఎల్బీనగర్‌తోనే ఆగిపోతుంది. రోజూ ఎవరు, ఎటు పోవాలో ముందు కాగితం మీద రాసుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి, బస్టాప్‌కు దగ్గరున్న పోర్షన్‌కు వెయ్యి ఎక్కువిచ్చినా ఆటో ఖర్చులో మిగులుతుంది. నీళ్ల సంగతి తప్పకుండా అడగండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లా మనది, నీటి విలువ మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మన కోదండాపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు పట్నానికి పోతాయి గానీ, అవి మీరు తీసుకునే ఇంటి నల్లాలో వస్తాయా, ఎండాకాలం ట్యాంకర్ పైసలు ఎవరు కట్టాలి, ఇవి ముందే తేల్చుకోవాలి.

అపోహ: రెండు నెలలకు మించి అడ్వాన్స్ అడగొద్దని కొత్త చట్టం వచ్చింది

రాలేదు. అది కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. ఆ ఫార్వర్డ్ మెసేజ్ చూపించి ఓనరుతో గొడవ పెట్టుకుంటే దొరికిన ఇల్లు పోతుంది. బతిమాలో బేరమాడో తగ్గించుకోండి.

అపోహ: డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు లీజుకు దొరుకుతాయి

సర్కారు పేదలకు కేటాయించిన ఆ ఇళ్లను అమ్మడానికీ కిరాయికివ్వడానికీ వీల్లేదు. తనిఖీలో దొరికితే కేటాయింపు రద్దవుతుంది, రోడ్డున పడేది మీరు. వద్దు.

అపోహ: రేషన్ కార్డు మారిస్తేనే బియ్యం, కిరాయిదారులకు జీరో బిల్లు రాదు

రెండూ తప్పు. తెలంగాణలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి మీ సన్నబియ్యం తెచ్చుకోవచ్చు. 2024లో మొదలైన ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కిరాయి ఇళ్లకూ ఉంది. నెలకు 200 యూనిట్లు దాటకూడదు, రేషన్ కార్డు, ఆధార్ ఆ ఇంటి మీటరు సర్వీసు నంబరుకు ఎక్కాలి. ఇల్లు మారితే నంబరు కూడా మార్పించుకోవాలి.

దేవరకొండ వాళ్ల సంగతి చెప్పలేదు కదా. ఆ రోజు నా ముందే ఫోన్ చేసి అసలు దస్తావేజు చూపించమని అడిగారు. "లోను క్లియర్ అవుతోంది, మీరు బయానా వెయ్యండి" అన్నాడు అవతలి మనిషి. తర్వాత ఫోన్ ఎత్తలేదు. పది రోజులు వెతికితే హయత్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్ దొరికింది. కిరాయి 9,500, రెండు నెలల అడ్వాన్స్. ఆ అగ్రిమెంటు సంతోషంగా రాసిచ్చాను.

సంతకం పెట్టేముందు ఆమె భయంభయంగా అడిగింది: "ఓనరుకు కోపమొస్తే రాత్రికి రాత్రి సామాన్లు బయటేస్తడా సార్?" వెయ్యలేడమ్మా అన్నాను. నెల కిరాయికి ఉన్నవాళ్లను ఖాళీ చేయమనాలన్నా చట్టం ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, పొమ్మంటే పోకపోతే కోర్టుకే వెళ్లాలి గానీ తాళం పగలగొట్టడానికి లేదు. అగ్రిమెంటులో ఇద్దరికీ నెల రోజుల నోటీసు అని రాశాను. ఆ లైను ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను.