లాటిన్ పూజ: తాళంచెవి రోముకు ఎలా చేరింది

2025 అక్టోబరు 25న వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికాలో కార్డినల్ రేమండ్ బర్క్ పాత లాటిన్ పూజ చేశారు. అందుకు పోప్ లియో అనుమతి ఉందని తెలియడంతో బెంగళూరులో నాకు తెలిసిన తెలుగు కతోలికుల మధ్య ఆ పూజ కావాలా వద్దా అన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. ‘అయితే మన విచారణలోనూ (పారిష్‌లోనూ) చేయించుకోవచ్చా?’ అని అడుగుతున్నారు. విచారణ గురువు మాట ఒక్కటే చాలదన్నది జవాబు.

పూజలో మార్పులకు దారితీసిన రెండవ వాటికన్ మహాసభ (1962–65) సంగతి అందరికీ తెలిసిందే కనుక అక్కడి నుంచి మొదలుపెట్టను. 1969 చివర్లో పాత లాటిన్ పూజ స్థానంలో కొత్త పూజాక్రమం అమల్లోకి వచ్చిందని గుర్తుంటే చాలు. నా లెక్కలో నేటి గొడవకు అసలు మలుపు 2021 జూలై 16.

అంతకుముందు పద్నాలుగేళ్లు దారి వేరుగా ఉండేది. 2007లో పోప్ బెనెడిక్ట్ ‘సుమ్మోరుం పొంతిఫికుం’ అనే ఉత్తర్వు ఇచ్చారు. విచారణలో పాత సంప్రదాయాన్ని కోరే బృందం స్థిరంగా ఉంటే, వారి వినతిని విచారణ గురువు మనస్ఫూర్తిగా అంగీకరించాలని అందులోని ఐదో అధికరణం చెప్పింది. మేత్రాణుల (బిషప్పుల) గుమ్మం ఎక్కనక్కరలేదు. అనుమతి అనే తాళంచెవి గుడిలోనే ఉండేది.

2021 జూలై 16న పోప్ ఫ్రాన్సిస్ ‘త్రాదిత్సియోనిస్ కుస్తోదెస్’ అనే ఉత్తర్వుతో ఆ తాళంచెవిని మేత్రాణుల చేతికిచ్చారు. అదీ షరతుల మీద: పాత పూజకు విచారణ గుడి కాకుండా వేరే చోటు చూపాలి, కొత్త బృందాలకు అనుమతి ఇవ్వకూడదు. 2023 ఫిబ్రవరిలో తాళంచెవి రోముకే, అంటే వాటికన్‌కే వెళ్లిపోయింది. విచారణ గుడిని వాడుకోనివ్వాలన్నా, 2021 ఉత్తర్వు తర్వాత అభిషేకం పొందిన గురువు పాత పూజ చేయాలన్నా మేత్రాణులు ముందు రోమును అడగాలి. పాత పూజ కోసం తమను ఆదరించే విచారణను వెతుక్కునేవారికి, గురువు మంచివాడైనంత మాత్రాన పని జరగదు.

రోము చెప్పిన కారణమూ ఉంది. లోకమంతటా మేత్రాణులను అడిగి తెలుసుకున్నామని, ఇచ్చిన వెసులుబాటును కొందరు మహాసభనే తిరస్కరించడానికి వాడుకుంటున్నారని పోప్ ఫ్రాన్సిస్ రాశారు. అలాంటివారు లేరని అనను. వారి తప్పుకు మూల్యం మిగతావారు చెల్లిస్తున్నారు.

ఆ మిగతావారిలో ఒకరిని దగ్గర నుంచి చూశాను. ఫిరంగిపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన 78 ఏళ్ల పెద్దావిడ. వాళ్ల ఇంటికి దగ్గరున్న గుడిలో కన్నడ, తమిళ, ఇంగ్లీషు పూజలున్నాయి. తెలుగు పూజ లేదు. ఒక ఆదివారం ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని, మోకరించి, దివ్యసత్ప్రసాదం కోసం నోరు తెరిచింది. గురువు తల అడ్డంగా ఊపి చెయ్యి చాపమన్నట్టు సైగ చేశారు. వెనక వరస ఆగిపోయింది. కోడలు ఆవిడను మోచెయ్యి పట్టి లేపింది. ఇంటికొచ్చాక ఆవిడ అన్న మాట: “లాటిన్ నాకు అప్పుడూ అర్థం కాలేదు నాయనా. కానీ అప్పుడు ఎవరికీ అర్థమయ్యేది కాదు.”

‘దోమినుస్ వోబిస్కుం’ (ప్రభువు మీతో ఉండునుగాక) అంటే చాలు, ‘ఎత్ కుం స్పీరితు తువో’ (మీ ఆత్మతోనూ) అని ఆవిడ నోటి వెంట ఇప్పటికీ దానంతటదే వస్తుంది. కన్నడ, తమిళ విశ్వాసులు పూజా భాష కోసం దశాబ్దాలుగా తగువులాడుకున్న నగరంలో ఎవరిదీ కాని భాష విలువ ఏమిటో ఆవిడకు తెలుసు.

పాత పూజ అడిగినవారిని విదేశీ మోజు అని కొట్టిపారేయడం బెంగళూరులో తేలిక. పూజను భారతీయం చేసే ప్రయత్నానికి కేంద్రం ఈ ఊరే. 1967లో ఫాదర్ అమలోర్‌పవదాస్ ఇక్కడ జాతీయ బైబిల్, సత్యోపదేశ, ఆరాధన కేంద్రాన్ని ప్రారంభించారు. 1969 ఏప్రిల్‌లో రోము భారతదేశానికి పన్నెండు మార్పులు ఆమోదించింది: చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, నూనె దీపాలు, హారతి వంటివి. చెప్పులు విడవడం మా ఊళ్లలో అంతకుముందూ ఉన్నదే.

ఇక్కడ తలుపు దొరకనివారిలో కొందరు, పాత పూజనే పట్టుకున్న పదవ పయస్ సంఘం వైపు చూస్తున్నారు. తమిళనాడులోని పాలయంకోటలో దానికి నివాసముంది. పోపు అనుమతి లేకుండా 1988లో ఆర్చిబిషప్ లెఫెబ్వ్ర్ నలుగురు మేత్రాణులను అభిషేకించిన సంఘమిది. ఆ నలుగురి వెలిని 2009లో ఎత్తేశారు. పాపసంకీర్తనం వినే అధికారాన్ని సంఘం గురువులకు ఫ్రాన్సిసే ఇచ్చారు. అయినా ఆ గడప తొక్కడానికి చాలామందికి మనసొప్పదు.

పెద్దావిడ కోరినదానికి మాత్రం రోము అనుమతి అక్కరలేదు. మోకరించినందుకు సత్ప్రసాదం నిరాకరించకూడదని, నాలుక మీద స్వీకరించే హక్కు విశ్వాసికి ఎప్పుడూ ఉంటుందని రోము ఇచ్చిన 2004 నాటి సూచన పత్రం ‘రెదెంప్త్సియోనిస్ సాక్రమెంతుం’ చెబుతోంది. కొత్త క్రమంలోని పూజను లాటిన్‌లో చేయడానికీ నిషేధం లేదు. విచారణ గురువును ఈ రెండూ అడగవచ్చు.

పాత పూజ ఎక్కడైనా జరుగుతున్నా కొత్తగా వచ్చినవారికి తెలియడం కష్టం. విచారణ పూజల సమయాల పట్టికలో దాన్ని చేర్చడం తగదని 2021 డిసెంబరు 18న రోము వివరణ ఇచ్చింది. ఊరు మారిన కుటుంబం గుడి ముందు మొదట చదివేది ఆ పట్టికనే.