కూలిన ప్రోగ్రాంకి లింకు డాక్యుమెంట్లు

ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఒక పాఠకుడు ప్రశ్న పంపాడు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద తను సీ భాషలో రాసుకున్న ప్రోగ్రాం క్రాష్ అవుతోంది. ఏ ఫంక్షన్ (ప్రోగ్రాంలో ఒక పని చేసే కోడ్ ముక్క) ఏ ఫంక్షన్‌ని పిలిస్తే అక్కడిదాకా వచ్చిందో తెలుసుకోడానికి ఒక చిన్న కోడ్ కూడా తనే రాసుకున్నాడు. అది చూపించిన జాబితాలో అన్నిటికన్నా పైన స్ట్ర్‌లెన్ ఉంది. అక్షరాల వరుస పొడవు కొలిచే లైబ్రరీ ఫంక్షన్ అది. దాని కింద ఫైలు చదివే ఫంక్షన్, ఆ కింద ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్ మెయిన్. "ఫైలు చదివే ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌ని ఎక్కడా పిలవదండీ. మధ్యలో పేర్లు విడదీసే ఫంక్షన్ ఒకటుంది, పిలిచేది అది. జాబితాలో అదొక్కటే లేదు. ఎటు పోయింది?" అని అడిగాడు.

ప్రశ్న చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అక్కడ మాయమైనది సరిగ్గా దొంగ పేరే.

ప్రోగ్రాం కూలిన క్షణంలో మన చేతికి చిక్కేవి రెండు. ప్రాసెసర్ రిజిస్టర్లలో, అంటే దాని లోపలి చిన్న గడుల్లో, అప్పటికి ఉన్న విలువలు ఒకటి, స్టాక్ అనే మెమరీ ముక్క ఇంకొకటి. పిలుపుల జాబితా ఎక్కడో రాసి ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ప్రాసెసర్‌కి గతంతో పనిలేదు, పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్ళాలో తెలిస్తే దానికి చాలు. ఆ తిరుగుదారి చిరునామాలు ఏరుకుని, జరిగిందేమిటో మనమే వెనక్కి కట్టుకుంటూ పోవాలి.

స్థలం కొనేముందు లాయరు చేసే పనే ఇది. అమ్మేవాడి దస్తావేజు తీస్తాడు. ఈ ఆస్తి తనకి ఫలానా ఏడాది ఫలానా నంబరు దస్తావేజు ద్వారా సంక్రమించిందని అందులో ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని పాత దస్తావేజు, అందులోని నంబరుతో ఇంకా పాతది, అలా ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు చూస్తేగానీ అడ్వాన్సు ఇవ్వనివ్వడు. ఆ కుర్రాడి బోర్డులో ఉన్న ఆర్మ్ 64 బిట్ ప్రాసెసర్ మీద కూడా స్టాక్‌లో ఇలాంటి దస్తావేజులే ఉంటాయి. ఒక్కోటి 16 బైట్లు. మొదటి 8 బైట్లలో పాత దస్తావేజు ఎక్కడుందో ఆ చిరునామా, తర్వాతి 8 బైట్లలో తిరిగి వెళ్ళాల్సిన చోటు. దీన్ని ఫ్రేమ్ రికార్డు అంటారు. అన్నిటికన్నా కొత్త రికార్డు ఎక్కడుందో ఎక్స్29 అనే రిజిస్టర్ చెబుతుంది. వెనక్కి వెళ్తూ వెళ్తూ మొదటి గడిలో సున్నా కనబడితే లింకు అక్కడితో సరి.

ఆ కుర్రాడి క్రాష్‌ని అంకెలతో చూద్దాం. అసలు చిరునామాలు చాంతాడంత ఉంటాయి కాబట్టి చివరి నాలుగు అంకెలే రాస్తాను, అన్నీ పదహారు ఆధారంగా. ప్రోగ్రాం 5120 దగ్గర, స్ట్ర్‌లెన్ లోపల, కూలింది. ఎక్స్29లో 7840 ఉంది. స్టాక్‌లో 7840 దగ్గర చూస్తే 7880, దాని పక్క గడి 7848లో 1764. ఈ 1764 ఫైలు చదివే ఫంక్షన్ లోపలిది. 7880కి వెళ్తే 7920, పక్కన 1214. అది మెయిన్ లోపలిది. 7920 దగ్గర సున్నా. జాబితా తయారు: స్ట్ర్‌లెన్, ఫైలు చదివేది, మెయిన్. అతని కోడ్ చేసింది అచ్చంగా ఇదే. ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు.

అయినా ఒక మెట్టు ఎగిరిపోయింది. ఎందుకంటే ఆర్మ్ ప్రాసెసర్‌లో పిలుపు ఆదేశం బీఎల్ స్టాక్‌ని అసలు ముట్టుకోదు. తిరిగి రావాల్సిన చిరునామాని ఎక్స్30 అనే రిజిస్టర్‌లో పెట్టి దూకేస్తుంది, అంతే. పిలుపందుకున్న ఫంక్షన్ తను ఇంకొకరిని పిలవబోతుంటేనే ఎక్స్29నీ ఎక్స్30నీ జంటగా స్టాక్ మీదికి దించి రికార్డు రాస్తుంది. స్ట్ర్‌లెన్ ఎవరినీ పిలవదు. తన పనేదో తను చేసుకుని ఎక్స్30 చూసుకుని వెనక్కి వచ్చేస్తుంది. దానికి దస్తావేజుతో అవసరమే లేదు. అగ్రిమెంటు కాగితం కొన్నవాడి జేబులోనే ఉంది, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదన్నమాట. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంత వెదికినా ఆ లావాదేవీ దొరకదు. జేబు చూడాలి. ఆ క్షణంలో ఎక్స్30 ఎంతో తీసి చూడమన్నాను. 2348. పేర్లు విడదీసే ఫంక్షన్ సరిగ్గా నడుమ భాగం. ఆ ఫంక్షనే సున్నా చిరునామాని స్ట్ర్‌లెన్ చేతిలో పెట్టి పొడవు కొలవమంది.

మన కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ అంటే నేటికీ చాలాచోట్ల 1978 నాటి 8086తోనే మొదలవుతుంది. అక్కడ పిలుపు ఆదేశం తిరుగు చిరునామాని నేరుగా స్టాక్‌లోకి తోస్తుంది. ఆ బొమ్మే పిల్లల మనసులో నాటుకుపోతుంది. తీరా వాళ్ళ జేబులో ఉన్న ఫోన్ నడిచేది ఆర్మ్ మీద. 8086 చెప్పడం తప్పని నేననను, కానీ పక్కనే ఒక్క గంట కేటాయించి బీఎల్ ఆదేశం కూడా చూపిస్తే ఈ చిక్కు వాళ్ళంతట వాళ్ళే విప్పుకుంటారు.

మరి ఎప్పుడూ ఎక్స్30ని కూడా జాబితాలో కలిపేస్తే సరిపోదా? పోదు. అగ్రిమెంటు రిజిస్టర్ అయిపోయాక కూడా పాత కాగితం జేబులో ఉండిపోవచ్చు. పేర్లు విడదీసే ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌ని పిలిచి, తిరిగి వచ్చి, ఆ తర్వాత తనంతట తనే కూలిందనుకోండి. అప్పుడూ ఎక్స్30లో అదే 2348 ఉంటుంది, చెల్లిపోయిన పిలుపు గుర్తుగా. దాన్ని నమ్మితే ఆ ఫంక్షన్ తనని తానే పిలుచుకున్నట్టు జాబితాలో రెండుసార్లు కనబడుతుంది. ఫంక్షన్ మొదలై ఇంకా ఎవరినీ పిలవకముందే కూలితే ఎక్స్30లో ఉన్నదీ రికార్డులో ఉన్నదీ ఒకటే, ఈసారి పిలిచినవాడి పేరు రెండుసార్లు వస్తుంది. రికార్డు రాయడానికి రెండు ఆదేశాలు పడతాయి: జంటని స్టాక్ మీదికి దించేది ఒకటి, ఎక్స్29ని కొత్త రికార్డు వైపు తిప్పేది ఇంకొకటి. సరిగ్గా ఈ రెంటి నడుమ ఆగిపోతే కొత్త రికార్డు ఉంటుంది కానీ ఎక్స్29 ఇంకా పాతదాన్నే చూపిస్తుంటుంది. కాబట్టి కూలిన చోటు ఏ ఆదేశమో తెలియనిదే జేబు (ఎక్స్30) చూడాలో బీరువా (స్టాక్) చూడాలో తేల్చలేం.

తేల్చేది, మనం రాసినదాన్ని ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే కంపైలర్ రాసిపెట్టిన పట్టిక. ఫంక్షన్‌లో ఈ ఆదేశం దగ్గర ఉన్నప్పుడు స్టాక్ అడుగు ఫలానా దూరంలో ఉంది, తిరుగు చిరునామా ఎక్స్30లోనే ఉంది, ఆ తర్వాతి ఆదేశం నుంచి స్టాక్ మీద ఫలానా గడిలో ఉంది, అని ప్రోగ్రాం మొత్తానికీ వరసగా రాసి ఉంటుంది. డ్వార్ఫ్ అనే పద్ధతిలో రాసిన ఈ పట్టిక లైనెక్స్ ప్రోగ్రాం ఫైళ్ళలో చాలావాటిలో ముడుచుకుని ఉంటుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోని ఇండెక్సు పుస్తకం లాంటిదిది. అమ్మినవాడి దగ్గర దస్తావేజులు లేకపోయినా ఈసీ తీయించి లింకు నిలబెట్టొచ్చు.

ఇంటెల్ వైపు చాలా ఏళ్ళు ఈ ఈసీల మీదే బతికారు. 32 బిట్ ఎక్స్86లో ఉన్నవే ఎనిమిది సాధారణ రిజిస్టర్లు. అందులో ఒకదాన్ని లింకు కోసం అట్టే పెట్టడం దండగని కంపైలర్లు దాన్ని లాగేసుకున్నాయి. 64 బిట్‌లో రిజిస్టర్లు పదహారైనా ఆ అలవాటు పోలేదు. పట్టిక చదవడమేమో నిదానం, పైగా నడుస్తున్న ప్రోగ్రాంని క్షణక్షణం గమనించేవాళ్ళకి అది మోయలేని భారం. చివరికి లైనెక్స్ పంపిణీల్లో 2023లో ఫెడోరా 38, ఆ మరుసటి ఏడు ఉబుంటు 24.04 లింకు చూపించే ఆ రిజిస్టర్‌ని, అంటే ఫ్రేమ్ పాయింటర్‌ని, తమ ప్యాకేజీల్లో మళ్ళీ వాడుకలోకి తెచ్చాయి. ఆర్మ్ 64 బిట్‌లో సాధారణ రిజిస్టర్లు 31. ఒకటి పోయినా లోటు తెలియదు. ఆపిల్ అయితే తన పరికరాల్లో ఎక్స్29 ఎప్పుడూ సరైన ఫ్రేమ్ రికార్డునే చూపించాలని నియమం పెట్టింది. ఆ నియమం నాకు చాలా నచ్చింది.

దసరాకి ల్యాబుల్లో కంప్యూటర్లకి బొట్టు పెడతాం. పనిముట్టుకి దండం పెట్టడం మంచి అలవాటే. కానీ ఆ మర్నాడు ప్రోగ్రాం కూలితే "ఆ మూల సిస్టం అచ్చిరాదురా" అని పిల్లలు సీటు మారిపోతుంటే మనసు చివుక్కుమంటుంది. 5120, 7840, 2348 అని సాక్ష్యం అంతా ఆ మూల సిస్టంలోనే పడి ఉంది. సీటు మారడమంటే దాన్ని వదిలేసి పోవడమే.

తిరుగు చిరునామాలో ఇంకో మెలిక. 2348 అన్నది పిలిచిన చోటు కాదు, పిలుపు ముగిశాక రావాల్సిన చోటు. ఆర్మ్ 64లో ప్రతి ఆదేశమూ 4 బైట్లే కాబట్టి 4 తీసేస్తే 2344, అసలు పిలుపు అక్కడ. తీయకపోతే రిపోర్టులో చూపే కోడ్ వరుస నంబరు ఒకటి అటూ ఇటూ అవుతుంది, అంతేగా అనిపించవచ్చు. కానీ ఫంక్షన్ చివరి ఆదేశమే, ప్రోగ్రాంని అక్కడికక్కడే ఆపేసే అబార్ట్‌ని పిలవడమైతే? అబార్ట్ నుంచి ఎవరూ తిరిగిరారు గనక ఆ తర్వాత ఆదేశమే ఉండదు. తిరుగు చిరునామా హద్దు దాటి పక్క ఫంక్షన్ మొదట్లో పడుతుంది, ఏ పాపం ఎరగని పొరుగువాడి పేరు రిపోర్టులోకి ఎక్కుతుంది. పాత మిప్స్ ప్రాసెసర్లలో పిలుపు ఆదేశం తర్వాతి ఆదేశం కూడా దూకేలోపే పూర్తవుతుంది, కాబట్టి అక్కడ 8 తీయాలి.

జాబితాలోంచి పేరు మాయమయ్యే దారి ఇంకొకటుంది, జీపీఏ వ్యవహారాలు తెలిసినవాళ్ళకి అది ఇట్టే అర్థమవుతుంది. ఒకాయన అగ్రిమెంటు రాయించుకుని, తన పేర రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా, మొదటి యజమాని నుంచి నేరుగా మూడోవాడికి రాయించేస్తాడు. కాగితాల్లో ఆయన పేరు ఉండదు. ప్రోగ్రాంలో దీన్ని టెయిల్ కాల్ అంటారు. ఒక ఫంక్షన్ చేసే చివరి పని ఇంకో ఫంక్షన్‌ని పిలవడమైతే, కంపైలర్ బీఎల్‌కి బదులు, తిరుగు చిరునామా పెట్టకుండా దూకే ఉత్త బీ ఆదేశం వాడి, తన రికార్డు చెరిపేసి, అటే వెళ్ళిపొమ్మంటుంది. ఈ పేరు స్టాక్‌లోనూ ఉండదు, ఎక్స్30లోనూ ఉండదు. కానీ పట్టుకోడానికి ఒక దారి ఉంది. కింది మెట్టులో పిలుపు జరిగిన చోటికి వెళ్ళి అక్కడి బీఎల్ ఎవరి గడప తొక్కమందో చదవాలి. ఎంత దూరం దూకాలో ఆ ఆదేశంలోనే ఉంటుంది, దాన్నిబట్టి చిరునామా తెలుస్తుంది. జాబితాలో దాని పైనున్న ఫంక్షన్ మొదలూ అదీ ఒకటి కాకపోతే మధ్యలో జీపీఏ పెద్దమనిషి ఉన్నట్టే.

రికార్డులు చెడిపోయి, పట్టిక కూడా లేకపోతే మిగిలేది ఇనప్పెట్టె బోర్లించడం. స్టాక్‌లోని ప్రతి 8 బైట్లనీ తీసి, ఇది ప్రోగ్రాం కోడ్ ఉన్న ప్రాంతానికి చెందిన చిరునామానా అని అడగాలి. ఇందులో రద్దయిన అగ్రిమెంట్లు కూడా బయటపడతాయి, ఎప్పుడో ముగిసిన పిలుపుల చిరునామాలు స్టాక్‌లో అలాగే పడి ఉంటాయి కాబట్టి. వాటిని ఏరిపారేయడానికి ఆర్మ్ 64 ఒక సాయం చేస్తుంది. 4 బైట్లు వెనక్కి వెళ్ళి ఆ ఆదేశపు పై ఆరు బిట్లు 100101 అయితే అది బీఎల్. రిజిస్టర్ ద్వారా పిలిచే బీఎల్ఆర్‌కి వేరే గుర్తుంది. రెండూ కాకపోతే ఆ చిరునామా పనికిరాదు. ఎక్స్86లో ఆదేశాల పొడవు 1 నుంచి 15 బైట్ల దాకా ఉంటుంది, వెనక్కి ఎంత జరగాలో రూఢిగా తెలియదు. క్రాష్ రిపోర్టులు తయారుచేసే గూగుల్ బ్రేక్‌ప్యాడ్ ఇచ్చే రిపోర్టులో ఒక్కో వరుస కిందా అది ఎలా దొరికిందో రాసి ఉంటుంది: రిజిస్టర్ నుంచా, పట్టిక నుంచా, ఫ్రేమ్ పాయింటర్ నుంచా, వెదుకులాటలోనా అని. నేను ఫంక్షన్ పేరు కన్నా ముందు ఆ వరుసే చదువుతాను. వెదుకులాటలో దొరికిన పేరు మీద ఒకరోజు పని పెట్టుకోను.

కొత్త ప్రాసెసర్లలో ఈ దస్తావేజులకి ముద్ర కూడా పడుతోంది. 2016లో ప్రకటించిన ఆర్మ్ 8.3లో వచ్చిన ఏర్పాటిది, 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఎస్‌లోని ఏ12 చిప్‌లో ఉంది. స్టాక్ మీదికి దించేముందు ఎక్స్30కి ఒక రహస్య కీ, అప్పటి స్టాక్ చిరునామా కలిపి సంతకం లెక్కగట్టి, వాడకంలో లేని పై బిట్లలో దూరుస్తారు. తిరిగొచ్చేటప్పుడు సంతకం సరిపోకపోతే ఆ చిరునామా చెల్లదు. స్టాక్‌ని పాడుచేసి ప్రోగ్రాంని దారి మళ్ళించాలనుకునే దాడులకి ఇది గట్టి అడ్డు. అయితే క్రాష్ రిపోర్టు చదివేవాడికి ఆ పై బిట్లు చెత్తలా కనబడతాయి. ముందు వాటిని తుడిచేస్తేనే చిరునామా చిరునామాలా ఉంటుంది. సంతకం సరిచూడాలంటే కీ కావాలి. ఆ కీ మామూలు ప్రోగ్రాం చదవలేని రిజిస్టర్లలో ఉంటుంది, క్రాష్ రిపోర్టుతో పాటు రాదు. కాబట్టి వేరే కంప్యూటర్‌లో కూర్చున్నవాడికి ముద్ర కనబడుతుంది కానీ అసలుదో నకిలీదో తేలదు. దాన్ని తీసేసి, మిగిలిన చిరునామాని పట్టికతోనూ 100101 పరీక్షతోనూ మళ్ళీ సరిచూసుకోవాల్సిందే.