రెల్లుగడ్డి, వరద, ఖడ్గమృగం

నంద్యాల జిల్లా బేతంచెర్ల సమీపంలోని బిలస్వర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వకాలు జరిపినప్పుడు, మట్టిపొరల నుంచి బయటపడిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ 1886లో ఆ జంతువుకు కర్నూలు పేరు మీదుగానే 'రైనోసరస్ కర్నూలియెన్సిస్' అని నామకరణం చేశాడు. నాపరాళ్లకు పేరుపడ్డ ఆ ఎండునేల ఒకనాడు ఖడ్గమృగాన్ని మేపిందంటే వెంటనే నమ్మబుద్ధి కాదు. నేడు మనం జంతు ప్రదర్శనశాలల్లో చూసే ఒంటికొమ్ము ఖడ్గమృగం కూడా అదే ప్రజాతికి చెందినది. సింధు నాగరికత ముద్రికల మీద దాని బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. పదహారో శతాబ్దంలో బాబరు పెషావరు పరిసరాల్లో దాన్ని వేటాడిన సంగతి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. సింధు మైదానం నుంచి బ్రహ్మపుత్ర దాకా నదుల వెంట పరుచుకుని ఉండిన ఆ జంతువు ఇప్పుడు అస్సాం, ఉత్తర బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వా, నేపాల్ తరాయి ప్రాంతాల్లోని కొద్దిపాటి రక్షిత వనాలకే పరిమితమైపోయింది.

ఈ జంతువు కనుమరుగు కావడానికి కొమ్ము కోసం జరిగే దొంగవేట ఒక్కటే కారణమని సాధారణంగా చెబుతారు. అది సగం నిజమే. ఒంటికొమ్ము ఖడ్గమృగం ప్రధానంగా గడ్డి తినే జంతువు. ఏటి ఒడ్డున ఏనుగును సైతం దాచేసేంత ఎత్తున పెరిగే రెల్లు, దాని మధ్య మడుగులు, ఒంటికి పూసుకోవడానికి బురద, ఇవే దాని ప్రపంచం. ఏటా వరద ఒండ్రు తెచ్చిపోసే ఆ నేలలే వరికీ శ్రేష్ఠమైనవి కనుక, మనిషి నాగలి పట్టిన నాటి నుంచీ గంగా మైదానంలో ఖడ్గమృగం వెనక్కి నడుస్తూనే ఉంది. నేపాల్‌లోని చిత్వన్ లోయను చాలాకాలం కాపాడినది చట్టం కాదు, మలేరియా. 1950ల తరువాత దోమల నిర్మూలన జరిగి, కొండల నుంచి రైతులు దిగివచ్చి అడవి కొట్టి సాగు చేసుకోగా, సుమారు వెయ్యి ఉండిన అక్కడి ఖడ్గమృగాలు 1960ల మధ్యకు వంద దరిదాపులకు పడిపోయాయి.

వేట సంగతికి వస్తే, పంతొమ్మిదో శతాబ్దంలో అది దొంగతనం కాదు, దొరల వినోదం. కూచ్‌బిహార్ మహారాజు నృపేంద్ర నారాయణ్ తన ముప్పై ఏడేళ్ల వేట లెక్కలను అచ్చు వేయించుకున్నాడు. వాటిలో ఖడ్గమృగాలు 207. ఆ సంఖ్యను గొప్ప కోసం రాసుకున్నాడన్నది గమనించదగిన విషయం. ఒక ఆడ ఖడ్గమృగం పదిహేను, పదహారు నెలలు మోసి ఒక్క దూడను ఈనుతుంది, మరో దూడకు సాధారణంగా మూడేళ్లయినా పడుతుంది. ఇంత నిదానంగా పెరిగే జంతువు ఇటువంటి వేగానికి తట్టుకోలేదు.

కొమ్ము విషయంలో అపోహలు ఎక్కువ. పేరులో ఖడ్గం ఉన్నా అందులో ఎముక లేదు. అది కెరటిన్ అనే ప్రోటీనుతో, అంటే మన గోళ్లు, వెంట్రుకలు ఏ పదార్థంతో తయారవుతాయో దానితోనే ఏర్పడుతుంది. విరిగినా మళ్లీ పెరుగుతుంది. సాంప్రదాయిక చైనా వైద్యంలో దాన్ని ముఖ్యంగా జ్వరానికి వాడేవారు. కామోద్దీపనకు వాడతారన్న మాట లోకమంతా ప్రచారంలో ఉన్నప్పటికీ ఆ వైద్యంలో దానికి ఆధారం లేదు. 1970లలో యెమెన్ దేశస్థులు తమ నడుముకు ధరించే బాకుల పిడుల కోసం కొనడం వల్ల ఆఫ్రికా మందలు తరిగిపోయాయి. 1977లో అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించినా గిరాకీ రూపం మార్చుకుంది తప్ప చావలేదు: కొమ్ము పొడి క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న వదంతి వియత్నాంలో వ్యాపించిన కాలంలో, దక్షిణాఫ్రికాలో 2007లో 13గా ఉన్న దొంగవేట మరణాలు 2014 నాటికి 1,215కు చేరాయి. అదే వియత్నాంలో మిగిలి ఉండిన చివరి జావా ఖడ్గమృగం కూడా 2010లో తుపాకీ గుండుకే బలి అయింది.

ఈ నేపథ్యంలో అస్సాంలోని కాజీరంగా కథ ఆశ్చర్యం కలిగిస్తుంది. వైస్రాయి కర్జన్ భార్య మేరీ 1904లో ఖడ్గమృగాలను చూడాలని అక్కడికి వెళితే కాలిగుర్తులే కనిపించాయని, ఆమె భర్తకు చెప్పగా రక్షణ చర్యలు మొదలయ్యాయని అంటారు. 1905లో రిజర్వు అడవిగా ప్రతిపాదించిన ఆ ప్రాంతానికి 1908లో ఆ హోదా వచ్చింది. అప్పటికి మిగిలినవి డజను, మహా అయితే ఇంకొన్ని అని చెబుతారు. 1966లో జరిపిన గణనలో 366 తేలాయి. 1974లో జాతీయ పార్కు హోదా వచ్చింది. 2022 గణనలో సంఖ్య 2,613. ప్రపంచంలో నేడున్న ఒంటికొమ్ము ఖడ్గమృగాలు నాలుగు వేలకు కొంచెం పైన. ఈ పెరుగుదలను చూసే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో ఈ జాతిని, అంతరించే ముప్పును బట్టి జీవులను వర్గీకరించే తన ఎర్ర జాబితాలో ఒక మెట్టు సురక్షితమైన శ్రేణికి మార్చింది.

అంత కొద్ది జంతువుల నుంచి పుట్టిన మంద జన్యుపరంగా బలహీనపడలేదా అన్న ప్రశ్న సహజం. చిత్వన్ మందను పరీక్షించిన శాస్త్రవేత్తలు 1990లో ప్రకటించిన ఫలితం అంచనాకు విరుద్ధంగా వచ్చింది: ఆ జంతువుల్లో జన్యు వైవిధ్యం అనూహ్యంగా ఎక్కువగా ఉంది. వాటి సంఖ్య కూలిపోయింది ఇటీవలనే, అదీ ఒకటి రెండు తరాల వ్యవధిలోనే. దీర్ఘాయువు గల జంతువు కావడంతో, విశాలమైన పూర్వపు మంద నుంచి వచ్చిన వారసత్వం కరిగిపోయేంత సమయం గడవకముందే రక్షణ అందింది. అదే రక్షణ ఇంకో యాభై ఏళ్లు ఆలస్యమై ఉంటే ఫలితం మరోలా ఉండేది. సుమత్రా ఖడ్గమృగానికి జరిగింది ఆ ఆలస్యమే. యాభై లోపే మిగిలిన ఆ జాతి చిన్న చిన్న అడవి ముక్కల్లో ఎంత దూరదూరంగా చెదిరిపోయిందంటే ఆడదానికి మగది ఎదురుపడడమే కష్టం. జత కట్టని ఆడవాటి గర్భాశయంలో కంతులు పెరిగి సంతాన సామర్థ్యం పోతుంది. అక్కడ జంతువులు విడిపోయి నశిస్తుంటే, మన దగ్గర ప్రపంచంలోని ఒంటికొమ్ము ఖడ్గమృగాల్లో మూడింట రెండొంతులు ఒకే నది ఒడ్డున ఒకే పార్కులో కిక్కిరిసి ఉన్నాయి. నా దృష్టిలో ఇది కూడా ప్రమాదమే, కాకపోతే విజయపు వేషంలో ఉంది.

అంటువ్యాధి ఏదైనా ప్రబలితే ఏమిటన్నది ఒక భయం. అంతకంటే ఏటేటా కళ్లెదుట కనిపించేది బ్రహ్మపుత్ర. ఆ నది లేకపోతే కాజీరంగా లేదు. వరద వచ్చి ఒండ్రు పరిస్తేనే గడ్డి ఏపుగా మొలుస్తుంది. మడుగులను కమ్మేసిన గుర్రపుడెక్కను కొట్టుకుపోయేదీ, చేపలను తెచ్చేదీ ఆ నీరే. వరద ఆగిన చోట గడ్డినేల మెల్లగా అడవిగా మారిపోతుంది కనుకే, చెట్లు ఎదగకుండా చలికాలంలో అటవీ సిబ్బంది ఎండుగడ్డిని తగలబెడతారు. మన చేల గట్ల మీది అత్తిపత్తికి చుట్టమైన ముళ్ల మొక్క ఒకటి అక్కడి మేతనేలలను ఆక్రమించడం మరో తలనొప్పి. అయితే అదే వరద మితిమీరినప్పుడు వందలాది జంతువులను ముంచేస్తుంది. 2017లో జరిగింది అదే, మృతుల్లో ఖడ్గమృగాలూ ఉన్నాయి. పూర్వం నీరు పెరిగితే జంతువులు దక్షిణాన ఉన్న కర్బీ ఆంగ్లాంగ్ కొండలెక్కి, తగ్గాక దిగివచ్చేవి. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా జాతీయ రహదారి, తేయాకు తోటలు, హోటళ్లు, రాతి క్వారీలు ఉన్నాయి. వరదకు తడబడుతూ రోడ్డు దాటే జంతువును లారీ గుద్దినా గుద్దవచ్చు, పార్కు దాటింది కదా అని కాపు కాసిన వేటగాడైనా చంపవచ్చు. పార్కులో మట్టి పోసి ఎత్తైన దిబ్బలు కట్టారు. అవి ప్రాణం నిలుపుతాయి గానీ కొండకు ప్రత్యామ్నాయం కావు. రహదారిని విస్తరిస్తూ దాదాపు 34 కిలోమీటర్ల మేర స్తంభాలపై నిర్మించడానికి 2025లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కింద నుంచి జంతువులు నిజంగా నడుస్తాయా లేదా అన్నది ఆ కొండపాదాన ఇకపై వచ్చే కట్టడాల మీద ఆధారపడి ఉంటుంది.

అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టకూడదన్న ఆలోచనతోనే 2005లో అస్సాంలో 'ఇండియన్ రైనో విజన్ 2020' పథకం ప్రారంభమైంది. ఏడు రక్షిత ప్రాంతాల్లో మూడు వేల ఖడ్గమృగాలు ఉండాలన్నది లక్ష్యం. అందులో ముఖ్య రంగస్థలం భూటాన్ సరిహద్దులోని మానస్. 1980ల చివర నుంచి సాగిన సాయుధ సంఘర్షణలో అక్కడి అటవీ చౌకీలు తగలబడి, ఉన్న వంద దాకా ఖడ్గమృగాలు పూర్తిగా అంతరించాయి. 2008లో అస్సాంలోనే ఉన్న పొబితోరా అభయారణ్యం నుంచి రెండు మగ జంతువులకు మత్తు ఇచ్చి, లారీల్లో ఎక్కించి తెచ్చి విడిచారు. తరువాత మరికొన్ని వచ్చాయి. వాటిలో కొన్నింటిని వేటగాళ్లు చంపారు, కొన్ని ఈనాయి. 2022 నాటికి మానస్‌లో సుమారు నలభై ఉన్నాయి. ఏడు ప్రాంతాల లక్ష్యం నెరవేరలేదు. కానీ ఒకసారి సున్నాకు చేరిన నేల మీద మళ్లీ దూడలు పుట్టడం చిన్న విషయం కాదు.

వేట అదుపులోకి వచ్చిన మాట వాస్తవం. 2013లో, 2014లో ఏడాదికి ఇరవై ఏడేసి చొప్పున ఖడ్గమృగాలను పోగొట్టుకున్న అస్సాం, 2022లో ఒక్కదాన్ని కూడా దొంగవేటకు కోల్పోలేదు. 1977 తరువాత అలాంటి ఏడాది అదే మొదటిది. 2021 సెప్టెంబరు 22న బొకాఖాత్‌లో ప్రభుత్వం తన ఖజానాల్లో దాచిన 2,479 కొమ్ములను బహిరంగంగా దహనం చేసి, వాటికి తాను ఏ విలువా కట్టడం లేదని చాటింది. ఈ ఫలితం వెనుక తుపాకీ పట్టి, పడవల్లోనూ నడుం లోతు నీళ్లలోనూ తిరిగే కాపలాదారుల కష్టం ఉంది. వారికిచ్చిన కాల్పుల స్వేచ్ఛపై వచ్చిన తీవ్రమైన ప్రశ్నలూ ఉన్నాయి. 2016 సెప్టెంబరులో పార్కు అంచున ఇళ్లు ఖాళీ చేయించే సమయంలో పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. పార్కు చుట్టూ ఉండేవారిలో మిసింగ్ తెగ వారున్నారు, తోట కూలీలున్నారు, నది కోతకు పొలం పోగొట్టుకుని వచ్చినవారున్నారు. ఖడ్గమృగానికి చోటు కావాలన్నప్పుడు ఆ చోటు ఎవరి కాళ్ల కింది నుంచి వస్తుందో చెప్పకుండా దాటవేయడం నిజాయతీ కాదు.

కాజీరంగాకు పడమరన బ్రహ్మపుత్ర దక్షిణపు ఒడ్డున లావోఖోవా, బురాచపోరి అభయారణ్యాలున్నాయి. 1980ల తొలినాళ్ల అలజడిలో అక్కడి ఖడ్గమృగాలన్నీ వేటగాళ్ల పాలయ్యాయి. 2023 ఫిబ్రవరిలో వేలాది మందిని ఖాళీ చేయించి, సాగులో ఉన్న ఆ భూమిని అటవీశాఖ తిరిగి స్వాధీనం చేసుకుంది. రెల్లు మళ్లీ మొలిచింది. నలభై ఏళ్ల తరువాత రెండు ఖడ్గమృగాలు, మత్తు సూదీ లారీ ఏవీ లేకుండా, తమంతట తామే నడిచి వచ్చి ఆ గడ్డిలో కనిపించాయి. వాటి కంటే ముందు ఆ భూమిని దున్నిన కుటుంబాల్లో కొన్ని ఇంకా నది ఒడ్డున నీడ కోసం వెతుక్కుంటున్నాయి.